ఏడూ నలభైరెండుకు తెరిచిన పేజీ

"ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి కదమ్మా!" అని అత్తగారు నవ్వులాటకే అంది. కానీ ఆ మాట పెద్దకోడలికి మూడు రోజులపాటు తిన్నది అరగనివ్వలేదు.

తప్పు తనదే. కెమెరా సాఫ్ట్‌వేర్ తెలిసిన మనిషి కావాలని తను పనిచేసే పరిశోధనశాల డైరెక్టరు అంటే, "మా తోడికోడలుందండీ, చురుకైన పిల్ల" అని చెప్పింది తనే. కొరివితో తల గోక్కుంటున్నానని అప్పుడు తెలియలేదు.

ఆ పరిశోధనశాలలో లైట్ షీట్ మైక్రోస్కోప్ తొమ్మిదేళ్ళుగా పెద్దకోడలి చేతి కిందే నడుస్తోంది. మామూలు మైక్రోస్కోప్‌లాంటిది కాదది. కాగితమంత పల్చటి లేజరు వెలుగును పక్కనుంచి, గాజులా ఉండే చేపపిల్ల ఒంట్లోకి పంపిస్తే, ఆ వెలుగు తగిలిన పొరను మాత్రమే కెమెరా ఫొటో తీస్తుంది. పొర తరవాత పొర తీసుకుంటూ పోతే, కత్తి పెట్టకుండానే బతికున్న చేపపిల్ల గుండె లోపలంతా చూడొచ్చు. ఆ చేపల్ని గుడ్ల నుంచి పెంచేదీ, జిగురులో కదలకుండా నిలబెట్టేదీ, యంత్రం మూలిగితే నొప్పి ఎక్కడో చెప్పేదీ ఆవిడే. కొత్తగా కొన్న కెమెరా ఒక్కటే ఆర్నెల్లుగా ఆవిడకు లొంగలేదు. ఎన్ని తంటాలు పడ్డా బొమ్మకు పొగమంచు పట్టినట్టుండేది.

చిన్నకోడలు చేరిన నాలుగో రోజున సెట్టింగుల పేజీ తెరిచింది.

"అక్కా, వెలుగు పైనుంచి కిందికి జరుగుతోంది కదా. కెమెరా కూడా వరసల్ని అదే దిశలో, అదే వేగంతో చదవాలి. వెలుగున్న వరసలు తప్ప మిగతావి కళ్ళు మూసుకుని ఉండాలి. అప్పుడు చెదిరిన వెలుగు లోపలికి రాదు," అంటూనే రెండు అంకెలు మార్చి, ఒక బాణం గుర్తు నొక్కింది.

పొగమంచు విడిపోయింది. గుండె గోడలు గీత గీసినట్టు కనబడ్డాయి.

"ఇన్నాళ్ళూ మనం కళ్ళద్దాలు తుడుచుకోకుండా చూశామన్నమాట!" అన్నాడు డైరెక్టరు. 'మనం' అన్నాడు గానీ, తగలాల్సిన వాళ్ళకు తగలనే తగిలింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తగారు మెట్ల దగ్గర పక్కింటావిడను ఆపి మరీ చెబుతోంది, మా చిన్నది పెద్ద మిషనుకే చూపు తెప్పించిందని. మర్నాటి నుంచి విద్యార్థులు "మేడమ్ ఎక్కడ?" అని అడిగితే, ఆ మేడమ్ తను కాదని పెద్దకోడలికి రెండు రోజుల్లోనే అర్థమైంది. పోనీ ఆ పిల్ల పొగరుగా ఉంటుందా అంటే, అదీ లేదు. ప్రతిదానికీ "అక్కా" అంటూ వస్తుంది. తిట్టుకోవడానికి ఒక్క వంకైనా ఇవ్వదే అని ఇంకా కడుపు మండేది.

ఒక శుక్రవారం పది గంటలకు గుండె డాక్టర్లు నలుగురు చూడటానికి వస్తారన్నారు. అంతకుముందు రోజు కెమెరా ఫ్యాను శుభ్రం చేయడానికి వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టారు. శుక్రవారం పొద్దున అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే వంతు పెద్దకోడలిది.

"నాకు చేపల పనుంది, ముందెళ్ళాలి. నువ్వు తీసుకెళ్ళు," అంది.

"సరే అక్కా," అంది చిన్నకోడలు.

పెద్దకోడలు వచ్చి, యంత్రం వేసి, కెమెరా పేజీ తెరిచింది. వైర్లు పీకడంతో కెమెరా తనలో పెట్టిన సెట్టింగులన్నీ మరిచిపోయి మొదటికొచ్చింది. పైనుంచి కిందికి ఉండాల్సిన బాణం, నడిమి నుంచి రెండు వైపులకీ చీలి ఉంది. మౌస్ ఆ గుర్తు మీదికి పోయింది. ఒక్క నొక్కు చాలు. ఫోను తీసి ఒక్క మాట చెప్పినా చాలు.

'నన్నెవరు అడిగారు? మిషనుకు చూపు తెప్పించిన మనిషి ఉంది కదా!' అనుకుని పేజీ మూసేసింది.

చిన్నకోడలు పదింటికి పది నిమిషాల ముందు ఆయాసపడుతూ వచ్చింది. డాక్టర్లు కుర్చీల్లో కూర్చున్నారు. తెర వెలిగింది. నల్లటి చీకట్లో ఒక సన్నటి పట్టీ, అంతే! చేప లేదు, గుండె లేదు.

"ఒక్క నిమిషం అండీ," అంటూ ఆ పిల్ల ఎక్స్‌పోజరు పెంచింది. పట్టీ ఇంకా వెలిగింది. లేజరు పెంచింది, మళ్ళీ పెంచింది. వెనక నిలబడ్డ పెద్దకోడలికి చాన్నాళ్ళ తరవాత గుండెల్లో చల్లగా అనిపించింది. డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. అదీ బాగానే అనిపించింది.

అప్పుడు ఆవిడ చూపు ఆ పట్టీలో పడింది. గుండె ముక్క ఒకటి అందులో కొట్టుకుంటోంది. మామూలుగా సెకనుకు రెండు మూడుసార్లు కొట్టుకునేది, సెకనుకు ఒకసారి, ఆ పైన ఇంకా ఆగి ఆగి...

"లేజరు ఆపు!" అని అరిచింది. "చేప చచ్చిపోతోంది! బాణం చూడు, దిశ మారింది!"

చిన్నకోడలు ఆపి, బాణం మార్చింది. లేజరు తగ్గించి మళ్ళీ వేసేసరికి గుండె మొత్తం తెర నిండా వచ్చింది. కాసేపటికి దాని వేగమూ కుదుటపడింది.

"అనుభవమంటే ఇదీ!" అన్నాడు డైరెక్టరు. డాక్టర్లు చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్ళుగా ఆవిడ కాచుకున్న మాట అదే. తీరా వచ్చాక, ఎవరి మొహమూ చూడకుండా చేపల గదిలోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం చిన్నకోడలు చేపల గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"సెట్టింగులు ఎప్పుడు పోయాయో చూద్దామని సాఫ్ట్‌వేర్ చిట్టా తీశాను. ఎవరు ఏ పేజీ తెరిచినా అది రాసుకుంటుంది. పొద్దున ఏడూ నలభైరెండుకు నువ్వు చూశావు."

"చూశాను."

"మరి చెప్పలేదేం?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "చెప్పబుద్ధి కాలేదు."

"నేనేం చేశానక్కా నీకు?"

"ఏం చెయ్యలేదు. అందరూ నిన్నే అడుగుతున్నారు. ఓర్చుకోలేకపోయాను."

చిన్నకోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా గొంతు మెత్తబడలేదు. "నీ వంతు పని నేను చేసి వచ్చేసరికి, నువ్వు నాకు చేసింది ఇదన్నమాట," అని వెళ్ళిపోయింది. సాయంత్రం బస్సులో వేరే సీట్లో కూర్చుంది. ఇంట్లో మాత్రం అత్తగారి ముందు ఏమీ పొక్కనివ్వలేదు.

శని, ఆదివారాలు పెద్దకోడలికి ముళ్ళ మీద కూర్చున్నట్టే గడిచాయి. సోమవారం పొద్దున్నే డైరెక్టరు గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆయన కలానికి మూత పెట్టాడు. "శుక్రవారమే ఆ అమ్మాయి వచ్చి, సెట్టింగులు భద్రం చేయకపోవడం తన తప్పేనని చెప్పి వెళ్ళిందమ్మా. మీ పేరు ఎత్తలేదు. మీరు మాత్రం ఇలాంటిది ఇంకోసారి చేస్తే ఊరుకోను."

"చెయ్యనండీ," అంటూ బయటికి వచ్చింది. తలెత్తుకోలేనంత సిగ్గులోనూ, 'ఇక్కడికీ నాకన్నా ముందే వచ్చేసిందా!' అని చురుక్కుమంది. ఛీ అనుకుంది. అయినా ఆ చురుకు పోలేదు.

మైక్రోస్కోప్ గదిలో చిన్నకోడలు ఒక్కతే ఉంది. "సార్‌కు చెప్పేశాను," అంది పెద్దకోడలు. "ఈ పేజీ నాకు నేర్పు. నువ్వు మార్చడం కాదు, నా చేత మార్పించు."

చిన్నకోడలు లేచి కుర్చీ వదిలింది. మొహంలో నవ్వు లేదు. కెమెరా వైరు పీకి, మళ్ళీ పెట్టి, "మొదటినుంచి," అంది. దిశ, వరస వేగం, ఎక్స్‌పోజరు. రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ "మళ్ళీ" అని కటువుగా అంది ఆ పిల్ల. తొమ్మిదేళ్ళ అనుభవం పళ్ళ బిగువున కూర్చుని మళ్ళీ చేసింది. మూడోసారి బొమ్మ కడిగిన అద్దంలా వచ్చింది.

"ఇప్పుడు భద్రం చెయ్యి. ఇకమీద తెరవగానే ఇవే వస్తాయి," అంది చిన్నకోడలు, తెర మీదినుంచి చూపు తిప్పకుండా. ఆ పైన, "చేపను తే, అక్కా," అంది.

పెద్దకోడలు చేపల గదికి వెళ్ళింది. ఆ పూట ఇద్దరూ కలిసి పద్నాలుగు చేపపిల్లల ఫొటోలు తీశారు. పనికి కావలసిన మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు.