వికెట్ల వెనక నిలబడ్డవాడు

లింగన్నకు చిన్నప్పుడే కుడి మోచేయి విరిగింది. ఓర్వకల్లు దగ్గర రాతిగుట్టల మీద ఆడుకుంటుంటే స్నేహితుడు ఓబుళరెడ్డి వెనక నుంచి సరదాకు తోశాడు. కింద పడ్డ లింగన్న లేచేసరికి చెయ్యి వేలాడుతోంది. అతనికంటే ముందు ఓబుళరెడ్డే ఏడుపు లంకించుకున్నాడు. వాళ్ళ నాయన ఆ చుట్టుపక్కల పేరుమోసిన రైతు, ఒట్టి కోపిష్టి. తెలిస్తే చర్మం ఒలుస్తాడని, ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. లింగన్న ఇంటికి పోయి తానే కాలుజారి పడ్డానన్నాడు. ఆ మాట మీదే ఉండిపోయాడు. ఎముక అతికింది గానీ, మోచేయి ఎంత చాచినా కొంచెం వంపు మిగిలిపోయింది.

వాళ్ళది కర్నూలులో మగ్గం నేసే ఇల్లు. తండ్రి తొందరగా పోతే, తల్లి సుంకమ్మ నూలు వడికి, కండెలు చుట్టి కొడుకును మిషన్ బడిలో చదివించింది. ఓబుళరెడ్డి కూడా బంధువుల ఇంట్లో ఉండి అదే బడికి వచ్చేవాడు. పేరుకే బంధువుల ఇల్లు. ఆకలైతే వచ్చేది సుంకమ్మ పొయ్యి దగ్గరికే. రెడ్ల పిల్లవాడు తన ఇంట్లో తింటున్నాడని ఆమెకు మొదట్లో భయంగా ఉండేది. తరవాత తరవాత ఇద్దరు కొడుకులకు పెట్టినట్టే పెట్టింది.

ఆ బడిలో డ్రిల్లు మాస్టరు లాజరు. ఆయన ఒకప్పుడు బళ్ళారి దండులో దొరలు క్రికెట్ ఆడుతుంటే బంతులు వేసినవాడు. లింగన్న చేత ఒక బంతి వేయించి చూసి ఆయన మళ్ళీ మళ్ళీ వేయించాడు. ఆ వంకర చేతిలోంచి వచ్చిన బంతి నేల తాకాక ఎటు తిరుగుతుందో బ్యాటు పట్టినవాడికి అంతుబట్టడం లేదు. వికెట్ల వెనక ఎవరిని నిలబెట్టినా మొహం పగలగొట్టుకుంటున్నారు. ఓబుళరెడ్డికి మాత్రం అది ఎటు పోతుందో ముందే తెలిసినట్టు చేతుల్లో వచ్చి పడేది. ఆ రోజు నుంచి లింగన్న వెయ్యడం, ఓబుళరెడ్డి పట్టడం.

బ్యాటు పట్టినా లింగన్న తీసిపోయేవాడు కాదు. మద్రాసులో ఒక బట్టల మిల్లువాళ్ళు అతని ఆట చూసి ఉద్యోగమిచ్చి తమ జట్టులో చేర్చుకున్నారు. ఓబుళరెడ్డి కాలేజీ చదువుకని అదే ఊరు చేరాడు. తెల్లవాళ్ళ జట్టుతో జరిగిన మ్యాచిలో లింగన్న సగం మందిని తానే పడగొట్టి, ఆఖరుకు బ్యాటుతోనూ తానే గెలిపించాడు. ఆ తరవాత ఇద్దరూ దేశం జట్టుకు ఎంపికయ్యారు. బొంబాయిలో ఆడిన మొదటి టెస్టులో లింగన్న తీసిన మొదటి వికెట్టు ఓబుళరెడ్డి పట్టిన క్యాచే. కర్నూలులో సుంకమ్మకు ఆ సంగతి లాజరు మాస్టరు చెబితే, పనిలో ఉన్నామె లేచి వీధిలో అందరికీ బెల్లం పంచింది.

రెండేళ్ళు తిరిగాక జట్టు ఓడెక్కి ఇంగ్లండుకు పోయింది. చలికి మొదట్లో వేళ్ళు కొంకర్లు పోయినా, లింగన్న పోయిన ప్రతి ఊళ్ళోనూ వికెట్లు తీశాడు. పత్రికలు అతని ఫోటో వేశాయి. వేసిన ప్రతిసారీ ఆ మోచేయి కూడా అందులో పడింది. ఇతను బంతి వేస్తున్నాడా, ఆటలో చెల్లని విధంగా మోచేయి విదిలించి విసురుతున్నాడా అని ఒకరెవరో రాశారు. ఆ తరవాతి మ్యాచిలో పక్కన నిలబడ్డ అంపైరు చెయ్యి చాచి నోబాల్ అన్నాడు. లింగన్న మళ్ళీ వేశాడు. మళ్ళీ నోబాల్. గొడుగుల కింద కూర్చున్న జనం నవ్వడం మొదలుపెట్టారు. లింగన్న తిరిగి వికెట్ల వైపు చూశాడు. ఓబుళరెడ్డి తలవంచుకుని చేతి తొడుగుల తాళ్ళు బిగించుకుంటున్నాడు.

ఆ సాయంత్రం హోటల్లో లింగన్నను కెప్టెన్ గదికి రమ్మన్నారు. జట్టు మేనేజరూ, ఓబుళరెడ్డీ అక్కడ ముందే ఉన్నారు. కెప్టెన్ ఒక సంస్థానాధీశుడు. ఆటకంటే మర్యాదలు ఎక్కువ తెలిసినవాడు. దొరలతో పేచీ ఆయనకు సరిపడదు. లింగన్న చొక్కా చెయ్యి మడిచి మోచేయి చూపించాడు. ఎముకే అట్లా ఉందని, వంపు ఉన్నది నిజమే గానీ బంతి వదిలేటప్పుడు దాన్ని విదిలించడం లేదని తనకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. పుట్టుకతో వచ్చిందా అని మేనేజరు అడిగితే, చిన్నప్పుడు పడ్డానన్నాడు. ఎట్లా పడ్డాడో అప్పుడు కూడా చెప్పలేదు. చెప్పవలసినవాడు ఆ గదిలోనే ఉన్నాడు కదా అనుకున్నాడు.

కెప్టెన్ ఓబుళరెడ్డి వైపు తిరిగాడు. చిన్నప్పటి నుంచి ఇతని బంతులు పట్టింది నువ్వు, నీకు తెలిసినట్టు మరొకరికి తెలియదు, నువ్వేమంటావు అని అడిగాడు. లింగన్నకు ప్రాణం లేచివచ్చింది. ఇక గొడవ తీరిపోయిందనుకున్నాడు.

ఓబుళరెడ్డి కిటికీ వైపు చూస్తూ ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు. కొన్ని బంతులు విసురుతున్నట్టే ఉంటాయని, తనకు చాలాకాలంగా ఆ అనుమానం ఉందని.

మొదటి మాట వరకైతే ఓబుళరెడ్డి భయపడి అన్నాడని లింగన్న సరిపెట్టుకునేవాడేమో. 'చాలాకాలంగా' అన్న రెండో మాట అతన్ని కోసేసింది. అంటే బొంబాయిలో ఆ క్యాచి పట్టి తనను ఎత్తుకుని తిప్పిన రోజున కూడానా? బడిలోనూ అంతేనా? ఒక్క మాటతో వెనకటి రోజులన్నీ పాడైపోయాయి. కెప్టెన్ అతని భుజం తట్టి, ఇక నువ్వు బ్యాటింగు మాత్రం చూసుకో అన్నాడు. వారం తిరక్కుండా ఓబుళరెడ్డిని వైస్ కెప్టెన్ చేశారు.

అక్కడి టెస్టులో జట్టు ఓటమి అంచుకు వచ్చినప్పుడు క్రీజులో మిగిలింది వాళ్ళిద్దరే. ఎప్పుడూ పరుగుకు తెలుగులో పిలుచుకునేవాళ్ళు, అవతలి జట్టుకు అర్థం కాకుండా. ఆ రోజు లింగన్న నోరు విప్పలేదు. రమ్మనడానికి, వద్దనడానికి చేత్తోనే సైగ చేశాడు. ఓబుళరెడ్డి మాత్రం ఎప్పటిలాగే పిలుస్తున్నాడు. ఒకసారి లేని పరుగుకు "రా" అని అరిచి సగం దూరం వచ్చేశాడు. లింగన్న ఉన్నచోట నిలబడి ఉంటే చాలు, ఓబుళరెడ్డి పని అయిపోయేది. అతని మొహంలో ఆ భయం లింగన్నకు స్పష్టంగా కనిపించింది. అయినా పరిగెత్తాడు. జట్టు కోసమా అంటే చెప్పలేడు. ఆ గొంతు పిలిస్తే పరిగెత్తడం కాళ్ళకు అలవాటు. నేల మీద పడి, మోకాళ్ళు దోక్కుపోయి, క్రీజులోకి చేరాడు. సాయంత్రం దాకా ఆడి మ్యాచి నిలబెట్టారు. మరునాడు పత్రికల్లో కర్నూలు మిత్రులని ఇద్దరి ఫోటో వేశారు.

తిరిగి వచ్చాక ఊళ్ళో మేళతాళాలతో ఊరేగింపు చేశారు. ఒకే బండిలో పక్కపక్కన కూర్చోబెట్టారు. బంతి వెయ్యడం ఎందుకు మానేశావని అడిగినవాళ్ళకు, భుజం నొప్పి అని ఓబుళరెడ్డే జవాబిచ్చాడు. లింగన్న కాదనలేదు, అవుననలేదు.

ఆ మధ్యాహ్నం ఓబుళరెడ్డి చెప్పాపెట్టకుండా వాళ్ళ ఇంటికి వచ్చాడు. సుంకమ్మ సంబరపడిపోయి పీట వేసింది. "ఏమప్పా, శానా చిక్కిపోతివి. ఆడ కూడు బాగలేదా?" అంటూ రొట్టె మీద వెన్న పెట్టింది. లింగన్న గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాడు. తాను మాత్రం తినలేదు. ఆకలి లేదన్నాడు.

తరవాత ఇద్దరూ తుంగభద్ర గట్టు దాకా నడిచారు. ఏరు ఎండి బండలు తేలి ఉంది. ఓబుళరెడ్డే మొదలుపెట్టాడు.

"గదిలోకి నిన్ను పిలవకముందే కెప్టెనోళ్ళు నాతో మాట్లాడినారప్పా. ఏం చెప్పల్లో చెప్పినారు. కాదంటే నన్ను తిరిగి ఇంటికి ఓడెక్కిస్తాంటిరి. నువ్వే నా మాదిరి ఉంటే ఏం జేస్తాంటివి?"

"నాకు తెల్దు" అన్నాడు లింగన్న. "నేనూ నీ మాదిరే చెప్పిందునేమో. అడిగింది నన్ను గాదు. నిన్ను అడిగినారు, నువ్వు చెప్పినావు."

వచ్చే ఏడు మద్రాసు జట్టుకు తానే కెప్టెనని, అప్పుడు బంతి లింగన్న చేతికే ఇస్తానని, ఎవరు ప్రశ్నించినా చెయ్యి సక్రమంగా ఉందని తానే నిలబడి చెబుతానని ఓబుళరెడ్డి అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ నీళ్ళని లింగన్నకు అనిపించలేదు. అదే అతనికి ఎక్కువ బాధ కలిగించింది.

"వద్దు రెడ్డీ. మళ్ళా నీ మాట మీదనే గదా నా చెయ్యి నిలబడేది. ఆ మాట నాకొద్దు."

ఎవరి దారిన వాళ్ళు పోయారు.

లింగన్న మద్రాసు తిరిగి వెళ్ళి మిల్లు జట్టుకు బ్యాటు ఒక్కటే పట్టి ఆడాడు. దేశం జట్టులోకి మళ్ళీ పిలుపు రాలేదు. సగం ఆటగాడితో ఏం పని అని ఎవరో అన్నారట. అంతలో యుద్ధం వచ్చి టెస్టులే ఆగిపోయాయి. యుద్ధం ముగిశాక ఇంగ్లండుకు పోయే జట్టును ఎంచే పెద్దల్లో ఓబుళరెడ్డి ఒకడయ్యాడు. ఆ వార్త వచ్చేసరికి లింగన్న మిల్లు వదిలి కర్నూలు వచ్చేసి, తండ్రి మగ్గాన్నే బాగుచేసుకుని నేస్తున్నాడు.

సుంకమ్మ ఆ రోజు కండెలు అందిస్తూ అడిగింది. "రెడ్డి అంతవాడయినాడంట గదా. మన ఇంటికి రావడమే మానేసినాడు. నువ్వేమన్నా అంటివా?"

లింగన్న అటూ ఇటూ పోగు తీసుకుపోతున్న నాడెను ఆపాడు. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పనిది, హోటల్ గదిలో జరిగింది జరిగినట్టు తల్లికి చెప్పాడు. ముగిశాక సుంకమ్మ చేతిలోని కండెను నేల మీద పెట్టేసింది.

"ఆ దినమే చెప్పల్ల గదప్పా. వానికి ముద్ద పెడితినే నా చేత్తో."

"నువ్వు ప్రేమగా పెడ్తాంటివి. అడ్డం చెప్పను నోరు రాలేదమ్మా."

సుంకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. వాడు ఇంకోసారి వస్తే గడప తొక్కనియ్యనంది. తెగిన పోగు ఒకటి కనిపిస్తే లింగన్న వంగి అతుకుతున్నాడు. రాడులేమ్మా అని కాసేపటికి అన్నాడు.