ఇందిరమ్మ ఊదిన పరుపు

పొద్దున కంపెనీ బస్సు హారన్ వినపడేలోపు ఇందిరమ్మకు వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పి చల్లడం, తులసి కాడ దీపం పెట్టడం, గౌరి పాలు పితకడం అయిపోవాలి. గౌరి అంటే ఆ ఇంటి బర్రె. దానికి ఇందిరమ్మ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి గిట్టదు. ఒకసారి ఆమె మొగడు కొమురయ్య చెంబు పట్టుకుని ధైర్యంగా దాని దగ్గర కూర్చున్నాడు. చెంబు గోడ అవతల దొరికింది, కొమురయ్య పేడకుప్పలో దొరికాడు.

ఆ బస్సు నడిపేది కొమురయ్య తమ్ముడు నర్సింహులే. గోడ అవతలి ఇల్లు అతనిది. ఇందిరమ్మ కొడుకు శ్రావణ్‌కుమార్, కోడలు తనుశ్రీ ఇద్దరూ జిన్నారం దిక్కు మందుగోలీల కంపెనీలో పనిచేస్తారు. ఆ బస్సే ఎక్కుతారు. బస్సు కదిలి, వాళ్ల బిడ్డ హర్షిణి బడికి పోయాక ఇంట్లో ఇందిరమ్మ, కొమురయ్య, గౌరి మిగులుతారు. ముగ్గురిలో ఎక్కువ మాట్లాడేది గౌరి.

గుమ్మడిదల పక్కనున్న ఆ ఊళ్లో గాలికి రెండు గుణాలున్నాయి. ఒకటి, పడమటి గాలి తిరిగిందంటే కంపెనీ వాసన వస్తుంది. రెండోది, నోటితో దేన్ని ఊదినా, ఊదినవాళ్లు మనసులో మింగి పెట్టుకున్న మాట గాలితో పాటు అందులోకి పోతుంది. గాలి బయటికి వచ్చినప్పుడు మాట కూడా వస్తుంది. వాసన మీద ఊరివాళ్లు కలెక్టరాఫీసు దాకా పోయి అర్జీలు పెట్టారు గాని, రెండోదాని మీద ఎన్నడూ ఎవరూ ఏమీ అనలేదు. శివాలయంలో పూజారి శంఖం ఊదితే ఓంకారం వెనకాలే "మోకాళ్లు పీకుతున్నయి తండ్రీ" అని వినపడేది. భక్తులు దానికి కూడా దండం పెట్టుకుని పోయేవారు. మనుమరాలు హర్షిణి పుట్టినరోజున నర్సింహులు ఊదిన గాలిబుగ్గ పగిలి, "కేకు ఎవలు తింటరు, పకోడీలు చేయొద్దా" అంది. మరుసటేడు తనుశ్రీ పకోడీలు చేసింది. నర్సింహులు మాత్రం ఆనాటి నుంచి ఏదీ ఊదలేదు. వేడి చాయ్‌ని కూడా ఊదకుండా, ఆరేదాకా చూస్తూ కూర్చునేవాడు.

ఇందిరమ్మ మింగిన మాట ఒకటుంది. పెండ్లయి ఈ ఇంట్లో కాలు పెట్టిన ఏడే చైత్ర పున్నమికి మొగవాళ్లందరూ నల్లమల లోయలో జలపాతం పక్కనుండే సలేశ్వరం లింగమయ్య దగ్గరికి బయలుదేరారు. ఆమె గడపలో నిలబడి "నేను గూడ వస్త" అనబోయింది. మాట గొంతు దాకా వచ్చింది. అంతలో పెరట్లో గౌరి ముత్తవ్వ అరిచింది. మాట మళ్లీ లోపలికి పోయింది. తర్వాత ఏటేటా అంతే. బర్రెలు మారాయి, అరుపు మారలేదు. ఈసారి పటాన్‌చెరు డాక్టరు ఎక్సురే చూసి, ఎండాకాలం పోయాక మోకాళ్లకు ఆపరేషన్ అని, ఆ తర్వాత గుట్టలు ఎక్కుడు దిగుడు మానుకోమని చెప్పాడు. అంటే లింగమయ్యను చూస్తే ఈ చైత్రంలోనే చూడాలి. లేదంటే ఇంతే.

మొగవాళ్లు తిరిగి వచ్చినప్పుడల్లా ఆమె కొమురయ్యను అడిగేది, నీళ్లు ఎట్లా పడతాయని. ఒక ఏడు లింగానికి ఎడమ దిక్కు పడతాయన్నాడు, ఇంకో ఏడు కుడి దిక్కు అన్నాడు. మరీ తరచి అడిగితే, "నీళ్లు నీళ్ల లెక్కనే ఉంటయి" అని పండుకునేవాడు. ఇంట్లో ఎవరు ఏ వానలో పుట్టారో, ఎవరికి ఏ పంటప్పుడు పన్ను ఊడిందో అన్నీ ఇందిరమ్మకు గుర్తే. ఎడమా కుడీ కూడా గుర్తు పెట్టుకుంది.

పోయినేడు సలేశ్వరం పోయినప్పుడు అడవి అంచున చేనులో రాళ్ల మీద పండుకుని కొమురయ్య నడుము పట్టేసింది. నెలంతా కొడవలి లెక్క వంగి నడిచాడు. అందుకని ఈసారి అడవుల్లో గుడారాలు వేసుకునేవాళ్లు వాడే పరుపులు కొందామని శ్రావణ్ అన్నాడు. ఎవరి వీపుకు ఏది సరిపోతుందో అమ్మకే తెలుసని ఆమెను కూడా ఆదివారం పటాన్‌చెరు తీసుకుపోయారు.

రోడ్డు మీద పెద్ద ఆటసామాన్ల దుకాణం. వంశీ అనే పిల్లగాడు మూడు రకాలు పరిచి చూపించాడు. మడిచే నురగ పరుపు, మూత తీస్తే తనంతట తాను గాలి పీల్చుకునే పరుపు, మొత్తం గాలి నింపుకునే పరుపు. ప్రతిదాని మీదా ఒక అంకె రాసి ఉంది. అంకె ఎంత పెద్దదైతే కింది చలి అంత తక్కువ తగులుతుందని, నాలుగు దాటితే మంచు మీద కూడా పండుకోవచ్చని వంశీ చెప్పాడు.

"చైత్రమాసంల మంచెక్కడిది బిడ్డ," అంది ఇందిరమ్మ. "రాయి తగులకుంటె చాలు. దానికి అంకె ఉన్నదా?"

దానికి అంకె లేదు, మందం చూసుకోవాలన్నాడు. అప్పుడామె ఒక్కొక్కరి వీపు చరిత్ర చెప్పింది. మరిది నర్సింహులు బీడీ తాగుతూ పండుకుంటాడు. ఏ నిప్పురవ్వ పడినా గాలి పరుపు పని అయిపోతుంది. పైగా చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ ఒకే బొంతలో పండుకున్నవాళ్లు, వెడల్పు అక్కర్లేదు. అతనికి నురగది. కొడుకు శ్రావణ్ కాళ్లూ చేతులూ నాలుగు దిక్కులకు పంచి పండుకుంటాడు, ఒళ్లు వంచే రకం కాదు. అతనికి వెడల్పుది, తనే పీల్చుకునేది. కొమురయ్య పక్కకు తిరిగి పండుకుంటాడు, తుంటి ఎముక నేలకు ఆనుతుంది. అతనికి గాలిది, నాలుగు వేళ్ల మందం. వెనక వరుసలో నిలబడ్డ వేరే కస్టమర్లు కూడా తమ వీపుల సంగతి చెప్పడం మొదలుపెట్టారు.

తర్వాత వంశీ సరంజామా తీశాడు. చెమటకు అంటుకోకుండా పరుపుకు తొడిగే గుడ్డ, చిల్లు పడితే అతికించే బిళ్లలు, గాలి దిండు, పంపు. ఆఖరున రెండు నల్ల పట్టీలు చూపించాడు.

"ఇవి జంట పట్టీలు అమ్మమ్మా. ఇద్దరు పక్కపక్కన పండుకుంటే పరుపులు ఇడిపోకుంట కట్టేస్తయి. మీకూ తాతకూ మంచిగుంటయి."

ఇందిరమ్మ పట్టీని చేతిలోకి తీసుకుంది. మాట గొంతు దాకా వచ్చింది. ఇక్కడ బర్రె కూడా లేదు.

"గామె రాదు. బర్రెను ఎవలు సూస్తరు," అన్నాడు కొమురయ్య, దిండును నొక్కి చూస్తూ.

ఆమె పట్టీని కొక్కేనికి తగిలించింది.

పంపు కొమురయ్య వద్దన్నాడు. ఈ మూతకు ఈ పంపే కూర్చుంటుందని, వేరేది పట్టదని వంశీ బతిమాలాడు. "గాలి గాలే గద. ఇంట్ల సైకిల్ పంపున్నది," అని కొమురయ్య తేల్చేశాడు.

సైకిల్ పంపు కూర్చోలేదు. వసారాలో పరుపు పరిచి, పంపు మూతికి గుడ్డ చుట్టి చూశారు, గోధుమపిండి పెట్టి చూశారు. గాలి పరుపులోకి తప్ప అన్ని దిక్కులకూ పోయింది. చిల్లి ఉంటే తిరిగి ఇచ్చేయాలి కాబట్టి ఇవాళే నింపి చూడాలన్నాడు శ్రావణ్. అయితే నువ్వే ఊదురా అంటే, కంపెనీలో దినమంతా మాస్కు పెట్టుకుని తనకు ఊపిరే మిగల్లేదన్నాడు. నర్సింహులు పకోడీల సంగతి గుర్తు చేసుకుని గోడ అవతలికి జరిగాడు. తనుశ్రీకి పొయ్యి మీద పప్పు గుర్తొచ్చింది. ఆ ఇంట్లో ఇంతమంది ఇన్ని మాటలు మింగారని ఇందిరమ్మకు అప్పుడే తెలిసింది.

అయినా వేరేవాళ్లు ఊదడం ఆమెకే ఇష్టం లేదు. దేవుని దగ్గరికి పోయే మనిషి ఎవరి ఎంగిలి గాలి మీదనో పండుకోవడమేమిటి. మొగనికి దినాం వండి పెట్టే చెయ్యి తనది, ఊపిరీ తనదే అయితే దోషం లేదనుకుంది. ఇక మింగిన మాటంటారా, తన దగ్గరున్నది ఒక్కటే. ఇంత పెద్ద పరుపులో ఏ మూలనో పడి ఉంటుంది.

లింగమయ్యను తల్చుకుని ఊదింది. పరుపు లేచి నిండు బర్రె లెక్క తయారైంది. కొమురయ్య పక్కకు తిరిగి పండుకున్నాడు. తుంటి నేలకు ఆనలేదు. చిల్లి లేదు. బాగుందని, ఇక మడుద్దామని లేచాడు.

మూత తీసి, కాళ్ల దిక్కు నుంచి చుట్టుకుంటూ రావాలని వంశీ దుకాణంలోనే చెప్పి పంపాడు. కొమురయ్య మోకాళ్ల మీద కూర్చుని ఒక చుట్ట చుట్టాడు.

"నేను గూడ వస్త," అంది పరుపు. కొత్త పెండ్లికూతురి గొంతు.

కొమురయ్య చేతులు ఆగాయి. కాని సగం గాలితో పరుపు సంచిలో పట్టదు. ఇంకో చుట్ట చుట్టాడు. "ఈ యేడన్న నేను గూడ వస్త." ఇంకో చుట్ట. "శ్రావణ్‌ను ఎత్తుకోని వస్త." నడుమ నడుమ వేరే మాటలూ తోసుకొచ్చాయి. "పులుసుల ఉప్పు వేసింది మీ అమ్మనే, నేను కాదు." "నర్సింలు గురకకు గోడ నెర్రె పడ్డది." గోడ మీద నుంచి చూస్తున్న నర్సింహులు తల దించుకున్నాడు. ఇందిరమ్మ కొంగుతో మొకం కప్పుకుంది. దిండు దిక్కు చుట్టేసరికి గొంతు ఇప్పటిది. "మోకాళ్లు పోకముందు, ఒక్కసారి."

పరుపు సంచిలో పట్టింది. పెరట్లో గౌరి అరిచింది, ఈసారి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"అత్తమ్మకు గూడ ఒక పరుపు కొనాల్సుండె," అంది తనుశ్రీ.

"ఎందుకు కొనుడు," అన్నాడు కొమురయ్య వెంటనే. "నాదే తీస్కపోతది. నేను ఇంట్ల ఉంట, బర్రెను సూస్కుంట."

"నువ్వా," అన్నాడు నర్సింహులు. "పేడకుప్ప మెత్తగున్నదా అన్నా?"

కొమురయ్యకు కోపం రాలేదు. అదే ఇందిరమ్మకు వింతగా తోచింది. ఏటేటా పోయే యాత్ర మానుకునే మనిషి లెక్క లేడు. నెత్తి మీది బరువు దించుకున్న కూలీ లెక్కున్నాడు. ఆ సంగతి కూడా ఆమె గుర్తు పెట్టుకుంది.

వారమంతా కొమురయ్య ఆమె నీలం చీర కట్టుకుని, నెత్తి నిండా కొంగు కప్పుకుని పాలు పితకడం నేర్చుకున్నాడు. గౌరి మొదటి రోజు మీసాలు చూసి తన్నింది. తర్వాత కొంగు ఇంకాస్త కిందికి లాగాడు. మూడు పూటలు పోయాక దానికి చీరే ఇందిరమ్మ అయింది. వీధిలో వాళ్లు మొదట చూడడానికి వచ్చారు, తర్వాత పాలకు వచ్చారు.

శ్రావణ్ సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పంపును ఎట్లానో పరుపు మూతకు కూర్చోబెట్టాడు. దిండు మూత మరీ చిన్నది, దానికి ఏదీ పట్టలేదు. బయలుదేరే పొద్దున జీపు వాకిట్లో నిలబడి ఉండగా, కొమురయ్య చీర కొంగు భుజాన వేసుకునే వచ్చి, దిండును మూడు ఊపిర్లలో ఊది ఆమె ఒళ్లో పెట్టాడు.

"తొవ్వల మెడకు పెట్టుకో," అన్నాడు. "నా ఎంగిలైతె నీకు పట్టింపు లేదు గద."

అడవి అంచుకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. చేనులో వేపచెట్టు నీడన పరుపులు పరిచారు. పొద్దున్నే నడక మొదలుపెట్టాలని ఇందిరమ్మ కాసేపు నడుము వాల్చింది. నిజమే, రాయి తగలలేదు. తల బరువుకు దిండు మూత కొద్దిగా జారింది. చెవి పక్కనే, గుసగుసగా, కొమురయ్య గొంతు.

"నేను ఎన్నడు లోయలకు దిగలే ఇందిరా. అంచు కాడ నిలవడితె కాళ్లు వణుకుతయి. ఎనుక వస్త నడువుండ్రని చెప్పి టీ కొట్టు కాడ కూసునెటోన్ని. నీళ్లు గూడ ఎవలో తెచ్చినయే పోసుకొస్తుంటి."

ఆమె చటుక్కున మూత బిగించింది. పక్క పరుపు మీద నర్సింహులు కళ్లు తెరిచి, ఎవరో మాట్లాడినట్టుంది వదినా అన్నాడు.

"నీ గురకనే నర్సింలూ, పండుకో," అంది.

ఎడమ, కుడి. ఇప్పుడు రెండూ సరిపోయాయి. ఆమెకు నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు నవ్వింది.

తెల్లారి జనం మధ్య నడిచింది. లోయ అంచుకు వచ్చి కిందికి చూస్తే ఆమె కాళ్లూ వణికాయి. ఆ వణుకులో మొగడు పక్కనే నిలబడ్డట్టు అనిపించింది. ముందు పోయేవాళ్లు "వస్తున్నం లింగమయ్యా" అని కేక వేస్తున్నారు. ఇందిరమ్మ కూడా వేసింది, గొంతు పగిలేటట్టు. శ్రావణ్ చెయ్యి పట్టుకుని, కొంత నడిచి, కొంత కూర్చుని జరిగి దిగింది. నీళ్లు ఎడమకూ కాదు, కుడికీ కాదు, ఎదురుగా నిలువునా దూకుతున్నాయి. ఆ చల్లదనానికి పండ్లు జివ్వుమన్నాయి. చేతులు జోడించి అడగడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. సీసా నింపుకుంది.

ఇంటికి వచ్చేసరికి కొమురయ్య గౌరి పక్కనే ఉన్నాడు. నీలం చీర కొంగును బర్రె నాకుతోంది. అతని కళ్లు ముందు ఆమె చేతిలోని దిండు మీద పడ్డాయి. అది పలచగా మడిచి ఉంది.

"దిండుల గాలి పోయినట్టున్నది," అన్నాడు, పలుపుతాడు సవరిస్తూ.

"ఎప్పుడు పోయిందో. మంచి నిద్రల ఉన్న."

అతను ఊపిరి పీల్చుకున్నాడు. "మరి నీళ్లు ఎట్లున్నయి?"

"నువ్వు చెప్పినట్టే ఉన్నయి," అంది ఇందిరమ్మ. సీసా మూత తీసి అతని దోసిట్లో పోసింది. కొమురయ్య కళ్లకద్దుకుని తాగాడు. మిగిలిన తడిని నెత్తికి రాసుకున్నాడు.

ఆమె కొడుకు దిక్కు తిరిగింది. "రేపు పటాన్‌చెరు పోయి పరుపుకు, దిండుకు రెంటికీ సరిపోయే పంపు తే. ఇగ ఈ ఇంట్ల నోటితోని ఊదుడు బంద్. ఇంకో గాలి పరుపు, గా జంట పట్టీలు గూడ తే."

"జంట పట్టీలు ఎవలికి?" అన్నాడు కొమురయ్య.

"మనకే. వచ్చేడు నా మోకాళ్లు లోయల దిగనియ్యవు. పిల్లలు దిగొస్తరు. నాకు తోడు నువ్వు గూడ పైననే ఆగాలె. గా టీ కొట్టు కాడ కూసుందము."

కొమురయ్య తల ఊపాడు. టీ కొట్టు ఉందన్న సంగతి తానెన్నడూ ఆమెకు చెప్పలేదని అతనికి పలుపు కట్టేసి, చీర విప్పి, సగం మడత పెట్టాక తట్టింది. అక్కడే ఆగి ఆమె దిక్కు చూశాడు. ఇందిరమ్మ అప్పటికే తులసి కాడ దీపం వెలిగిస్తోంది. పుల్లను నోటితో ఊదకుండా, చెయ్యి విదిల్చి ఆర్పింది.

"మరి బర్రెను ఎవలు సూస్తరు?" అన్నాడు అతను మెల్లగా.

"నీలం చీర ఉతికి దండెం మీదెయ్యి," అంది. "నర్సింలుకు గూడ సరిపోతది."