సుందరి మార్చిన బ్రేకు పైపులు

గాలిలో మిరప ఘాటు.

కల్లాల్లో ఆరబోసిన కాయల మీదుగా వీచి, పత్తి మోళ్లను ఒరుసుకుంటూ వచ్చి, షెడ్డు రేకుల్ని దడదడలాడించి పోయే గాలి. నిలవని గాలి. మార్చి నెల గాలి.

బాలత్రిపురసుందరి తుమ్మింది. కారు కింద గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని, చేతిలో స్పానరుతో, మళ్లీ తుమ్మింది.

"నట్టు వదిలిందా?" పైనుంచి భర్త గురునాథం గొంతు.

"వదలటం లేదండీ. తుప్పు పట్టి కరుచుకుపోయింది."

"కిరసనాయిలు పొయ్యి. కాస్త ఓపిక పట్టు."

ఓపిక! ఆ మాట ఆయన నోట విని ఆమెకు నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి ఒక్కచోట నిలబడితేనా? షెడ్డు గుమ్మం దాకా నడుస్తాడు. తిరిగొస్తాడు. కారు మీద అరచెయ్యి ఆనిస్తాడు. మళ్లీ నడుస్తాడు.

రెండే సీట్లు. పైకప్పు లేదు. ఏ కంపెనీదీ కాదు ఆ కారు. గుంటూరు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే కొత్తల్లో, డెబ్బైల్లో, పాత ఫియట్ ఇంజను సంపాదించి గురునాథం కట్టుకున్న కారు. అల్యూమినియం రేకును కొట్టి కొట్టి, కొట్టి కొట్టి, ఆ ఒంపులన్నీ తీసింది స్నేహితుడు మొహిద్దీన్ బాషా. రివిట్టు రివిట్టుకీ అవతలి వైపు ఇనప దిమ్మె అదిమి పట్టింది సుందరి. కొత్త కాపురం. మెళ్లో తాడు ఇంకా పచ్చగానే ఉంది. చేతుల నిండా గ్రీజు.

ఆ రేకు కింద ఎక్కడేముందో ఆమెకు తెలుసు. తన ఇంటి వంటగది తెలిసినట్టే తెలుసు.

ఇప్పుడు రెండువేల రెండు.

గురునాథానికి చూపు పక్కల నుంచి మూసుకొస్తోంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది — ఓరగా తీసిన తలుపు సందులోంచి చూసినట్టు. పక్కనున్నది ఇక లేనట్టే. పోయిన చూపు రాదన్నాడు డాక్టరు. ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు. బండి నడపొద్దన్నాడు.

ఆ మర్నాడే గురునాథం షెడ్డు తలుపు తీశాడు.

"ఒక్కసారి, సుందరీ. పర్చూరు రోడ్డు మీద. ఒక్కసారి."

ఏళ్ల తరబడి కదలని కారు. తొక్కితే బ్రేకు పెడలు నేలకంటుకుపోయింది. పైపులు తుప్పు తిని చిల్లులు పడ్డాయి. నాలుగు చక్రాలకూ పాకిన ఆ సన్నటి నరాల్లో ఒక్కటీ బాగాలేదు. కారు కింద చీకట్లో సన్నపని ఆయన కంటికి ఆనదు.

సుందరి కొంగు బిగించి కారు కిందికి దూరింది.

కొత్త పైపు చుట్టా, పైపు మూతి వెడల్పు చేసే పనిముట్టూ బాషాయే తెచ్చాడు. గురునాథం అటు నడిచి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"అమ్మగారూ... బ్రేకులు బాగుచేసి ఇస్తే సారు బండి తీస్తారండీ."

"బాగుచెయ్యకపోయినా తీస్తారు, బాషా."

బాషా పనిముట్టు ఆమె చేతికిచ్చి వెళ్లిపోయాడు.

పాత పైపును పక్కన పెట్టుకుంది. దాని ఒంపును చూసి కొత్తదాన్ని వంచింది. గురునాథం వేలికొసలతో తడిమాడు — మెల్లగా, ఒంపు ఒంపు దగ్గరా ఆగుతూ.

"ఇక్కడ నొక్కుకుపోయింది."

పారేసింది. మళ్లీ వంచింది. మళ్లీ తడిమాడు.

"ఊఁ."

ఆ చిన్న 'ఊఁ' కోసం ఒకప్పుడు ఎంత ఎదురుచూసేది! ఇవాళ అది ఇంకాస్త ఆలస్యంగా వస్తే బాగుండుననిపించింది. ఒక పైపు అయింది. తర్వాత ఇంకొకటి. పని దగ్గరపడుతున్నకొద్దీ ఆమె చేతులు నెమ్మదించాయి. బిగించిన నట్టునే మళ్లీ పట్టి చూసింది. తుడిచినచోటే మళ్లీ తుడిచింది.

చివరికి బ్రేకు ఆయిలు పోశారు. పైపుల్లో చిక్కిన గాలి తియ్యాలి. ఆయన సీట్లో కూర్చుని పెడలు తొక్కాలి. ఆమె చక్రం దగ్గర కూర్చుని మర వదులు చెయ్యాలి, బిగించాలి.

"తొక్కండి."

"తొక్కా."

"పట్టండి."

"పట్టా."

బుడగలు. ఆయిలు. బుడగలు.

"వదలండి."

తొక్కండి... పట్టండి... వదలండి. ఈ పనికి చూపు అక్కర్లేదు. ఆమె గొంతు, ఆయన పాదం. చాలు. ఒక్కో చక్రమూ అవుతోంది.

ఆఖరి చక్రం. ఇంకా బుడగలొస్తున్నాయి — ఇక్కడే ఆపేస్తే? ఇంత గాలి ఉంచేస్తే? పెడలు మెత్తగా దిగుతుంది. 'కుదరలేదండీ' అనొచ్చు. షెడ్డు తలుపు వేసెయ్యొచ్చు.

స్పానరు మర మీద ఉంది. చెయ్యి కదలలేదు.

"సుందరీ?"

మెత్తటి పెడలుతోనే బయల్దేరతాడు. ఆమెకు తెలుసు. తనకు చెప్పకుండా, తను లేనప్పుడు.

"తొక్కండి" అంది. 

బుడగలు ఆగిపోయేదాకా తొక్కించింది. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి మర బిగించింది.

ఆయన స్టీరింగు పట్టాడు. ఆమె పక్కన కూర్చుంది. రెండు మూడుసార్లు దగ్గి, ఇంజను అందుకుంది.

పర్చూరు రోడ్డు. అటూ ఇటూ ఎర్రటి కల్లాలు. ఆయన జుట్టు ఎగిరింది. ఆయన నవ్వాడు. పెళ్లినాటి నవ్వు — ఎన్నాళ్లయింది! ఆమె మాత్రం నవ్వలేదు. ఆమె కళ్లు కుడికి... ఎడమకి... కుడికి. ఆయన చూడలేనివన్నీ ఆమే చూడాలి.

కుడివైపు చేలోంచి గేదె.

"ఆపండి!"

తొక్కాడు.

కారు ఈడ్చుకుంటూ, కీచుమంటూ, వణుకుతూ... ఆగింది.



"ఎంత దూరంలో ఉంది?" అడిగాడు.

"దూరంగానే ఉందండీ."

"సుందరీ... దాని ఊపిరి నా మోచేతికి తగులుతోంది."

గేదె వెనకాలే పలుపు పట్టుకుని ఒకామె పరుగెత్తుకొచ్చింది. రొప్పుతోంది.

"ఏందయ్యా! కళ్లు కనపడట్లా?"

సుందరి నోరు తెరిచింది. అంతలోనే ఆయన అన్నాడు.

"కనపడట్లేదమ్మా."

ఆ మాట ఆయన బయటికి అనడం అదే మొదలు. డాక్టరు ముందు అనలేదు. భార్య ముందు అనలేదు. నడిరోడ్డు మీద, ముక్కూ మొహం తెలియని మనిషితో అన్నాడు.

పలుపు పట్టుకున్నామె గేదెను అదిలించుకుని చేల గట్టెక్కింది. వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ పోయింది.

గురునాథం గేరు తీశాడు. హ్యాండ్‌బ్రేకు లాగాడు. తలుపు తెరుచుకుని దిగాడు.

"ఎక్కడికండీ?"

 కారు అంచు పట్టుకుని రెండడుగులు వేశాడు. అంచు వదిలేశాడు.

సుందరి ఆయన సీట్లోకి జరిగింది. స్టీరింగుకు ఆయన చేతుల చెమట. బ్రేకు పెడలు ఆమెకు దూరం — సీటు అంచుకు జారి, కాలు చాపి, మునివేళ్లతో అందుకుంది. గట్టిగా ఉంది. ఎక్కడా మెత్తదనం లేదు.

"ఎక్కండి. నేను నడుపుతా."

ఆయన చేల వైపు తిరిగి ఉన్నాడు.

"ఏమండీ... ఇటు."

వెనకాల పత్తి లారీ వచ్చి ఆగింది. హారను కొట్టింది.

ఆయన తిరగలేదు. ఇంజను మోగుతూనే ఉంది. సుందరి మునివేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. పెడలు వదల్లేదు.

లారీ మళ్లీ హారను కొట్టింది.