రెండు వందల పన్నెండో బండి

యాకూబ్ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, కొయ్యపిడిని కుడిచెవికి నొక్కుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఆ కాసేపు ఎవరు పిలిచినా పలకడు. జనగామ బస్టాండు వెనక ఉన్న ఆ మోటారుసైకిళ్ల షోరూములో పొద్దున ఎనిమిదింటికే కంప్రెసరు మోత మొదలవుతుంది. అయినా ఆ కొయ్యలోంచి ఇంజన్ లోపలి చప్పుడు ఆయనకు విడిగా వినిపిస్తుంది.

“చైను కాదు,” అన్నాడు కళ్లు తెరిచి. “వాల్వు కొట్టుకుంటున్నది.”

విప్పి చూస్తే వాల్వే. ఎప్పుడూ అంతే. యాభై ఎనిమిదేళ్ల బతుకులో యాకూబ్ గురించి నలుగురూ చెప్పుకునే సంగతి అదొక్కటే. పదహారో ఏట స్కూటర్ల షెడ్డులో చేరినప్పుడు ఉస్తాదు చేతిలో పెట్టిన స్క్రూడ్రైవర్ అది. షెడ్డు పోయి షోరూము వచ్చింది, ఉస్తాదు పోయాడు, స్క్రూడ్రైవర్ మిగిలింది. యాకూబ్ సన్నటి మనిషి, కొంచెం గూని. గోళ్లలో నలుపు ఏ సబ్బుకూ పోదు. కుడిచెవి ఎడమచెవి కంటే ఒక ఛాయ ఎక్కువ నలుపు. ప్రతి శుక్రవారం భార్య ఖమర్ బీ కొబ్బరినూనె గుడ్డతో ఆ చెవిని తుడుస్తుంది.

గోడకు అంటించిన కాగితం వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు. వానాకాలంలో కంపెనీ నుంచి వచ్చిన జాబితా అది. ఒక రకం బండ్లలో ఇంజనుకు పెట్రోలు కొలిచి పంపే చిన్న కంప్యూటరుంటుంది. అందులో రాసిన లెక్క తప్పిందట. యాక్సిలరేటరు రేజు తగ్గించి క్లచ్ పట్టగానే బండి నడిరోడ్డు మీద ఆగిపోవచ్చట. అన్నింటినీ వెనక్కి పిలిపించి, కొత్త లెక్క ఎక్కించి పంపాలి. ఈ షోరూములో అమ్మినవి రెండు వందల పన్నెండు. రెండు వందల పదకొండు అయిపోయాయి.

ఆ మిగిలిన బండి యాకూబ్‌కు తెలుసు. జఫర్‌గఢ్‌లో విత్తనాల దుకాణంలో పనిచేసే జగపతిది. రెండేళ్ల కింద ఆయన రెండుసార్లు వచ్చాడు. “ఉన్నట్టుండి ఆగిపోతున్నది,” అన్నాడు. యాకూబ్ పావుగంట సేపు చెవి పెట్టి విన్నాడు. ఏ చప్పుడూ లేదు. “ఇంజన్ గడియారం లెక్కున్నది సార్. తప్పు బండిది కాదు, మీ చెయ్యిది,” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జగపతి తల వంచుకుని వెళ్లిపోయాడు. మూడోసారి రాలేదు.

బండి అమ్మేశాడు. ఈ వైపు అందరూ అమ్మినట్టే బాండు పేపరు మీద సంతకం పెట్టి, పేరు మార్చకుండా. అందుకే కంపెనీ ఉత్తరాలన్నీ జగపతి గుమ్మానికే వచ్చి చెత్తలోకి పోయాయి. నిన్న యాకూబ్ ఫోన్ చేస్తే, “నా చెయ్యి మంచిది కాదు గద, మళ్ల నాకెందుకు చేసినవ్?” అన్నాడు. చాలాసేపటికి కొన్నవాడి నంబరు చెప్పాడు. మహబూబాబాద్‌లో ఉండే రమేశ్.

నిన్నంతా ఎత్తని రమేశ్ ఇప్పుడు ఫోన్ ఎత్తాడు.

“బండి నా కాడ లేదన్నా. మా బావ వాల్యాకిచ్చిన. రేగొండ అవతల తండా.”

“ఆగుతున్నదా?”

“ఆగుతదట. తండా ముంగట కాలువ మోరీ కాడ. అక్కడేదో ఉన్నదంటది మా అత్త.” రమేశ్ నవ్వి, అంతలోనే నవ్వు ఆపాడు. “ఏమైందన్నా? చెల్లెకు నెలలు నిండినయి. ఇయ్యాల మూడింటికి దానిమీదనే భూపాలపల్లి దవాఖానకు తీస్కపోతడు.”

“వద్దని ఫోన్ చెయ్యి.”

“తండాల సిగ్నల్ ఏడిది? గుట్టెక్కితేనే దొరుకుతది.”

భూపాలపల్లి రోడ్డు మీద పగలంతా బొగ్గు టిప్పర్లు తిరుగుతాయి. యాకూబ్ చేతులు తుడుచుకుని మేనేజరు గదిలోకి వెళ్లాడు.

“యాకూబ్ భాయ్, ఆచూకీ లేదని రాస్తే లిస్టు బంద్ అయితది,” అన్నాడు అజయ్. “రేగొండ మన ఏరియా గూడ కాదు.”

“ఆచూకీ ఉన్నది కద సార్.”

అజయ్ ఆయన ముఖంలోకి చూసి, సొరుగులోంచి ట్యాబ్లెట్టు, వైరు తీసి ఇచ్చాడు. సంచిలోకి స్క్రూడ్రైవర్ కూడా వెళ్లడం చూసి నవ్వాడు. “అదెందుకు? ఈ రోగానికి చప్పుడుండదు.”

“ఉండనియ్యి సార్. అలవాటు.”

బస్సు మెట్లు ఎక్కుతుంటే ఎడమభుజం లాగింది. మూడు రోజులుగా ఇదే. నాలుగు అడుగులు గబగబా వేస్తే ఛాతీ మీద ఎవరో సంచి పెట్టినట్టుంటుంది. తెల్లవారుజామున చాయ్ పోస్తూ ఖమర్ బీ ఇంటి భాష ఉర్దూలో సణిగింది, ఊరందరి బండ్లకూ పెట్టే ఆ స్క్రూడ్రైవర్ ఒక్కసారి నీ ఛాతికి పెట్టుకోరాదా అని. “నా బండికి కంపెనీ ఉత్తరం రాలేదింకా,” అన్నాడాయన. ఆమె నవ్వలేదు. రొట్టెల మూట మీద గ్యాసు బిళ్ల పెట్టి కట్టింది. హనుమకొండలో బస్సు మారేటప్పుడు ఆ బిళ్ల వేసుకుని సోడా తాగాడు. తేన్పు వచ్చింది. గ్యాసే అనుకున్నాడు.

రేగొండలో ఆటో దిగి పత్తిచేల మధ్య నడిచేసరికి ఒంటిగంటన్నర. తండాకు ముందు దారి పల్లానికి దిగి, కాలువ మీది మోరీ దాటి పైకెక్కుతుంది. మోరీ పిట్టగోడ పక్కన ఒక రాయి, దానికి పసుపు, ముందు బెల్లం ముక్కలు. చీమలు బారులు తీరాయి.

వాకిట్లో వాల్యా బండి తుడుస్తున్నాడు. అతని భార్య భావన ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి, దవాఖాన ఫైలు పొట్ట మీద పెట్టుకుని కూర్చుంది. వాల్యా తల్లి కమలాబాయి యాకూబ్ చొక్కా మీది కంపెనీ గుర్తు చూసి లేచింది.

“షోరూమోళ్లా? మేం బండియ్యం.”

“తీస్కపోనీకె రాలేదు చెల్లె. బాగుచెయ్యనీకె వచ్చిన.”

“పిలవకుంట వచ్చి బాగుచేసేటోన్ని నేను పుట్టినసంది చూడలే!”

“బండికేం లేదు కాకా,” అన్నాడు వాల్యా. “మోరీ కాడ ఒక్కటే ఆగుతది. అమ్మ బెల్లం పెడ్తది. తర్వాత మంచిగనే పోతది.”

“ఇంకెక్కడ ఆగలే?”

వాల్యా గుడ్డను పిండుతూ ఉండిపోయాడు.

“చెప్పవేంది?” అంది భావన. “మొన్న టిప్పర్ ముంగట ఆగలేదా?”

కమలాబాయి గిర్రున తిరిగింది. “నాకు చెప్పకపోతివి!”

“చెప్తే ఆడ గూడ బెల్లం పెట్టనీకె కూసుంటవని.”

భావన పొట్ట పట్టుకుని నవ్వింది. యాకూబ్ కూడా నవ్వాడు గాని, టిప్పర్ అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని, సీటు తీసి, వైరు తగిలించాడు. ట్యాబ్లెట్టు మీద పచ్చగీత మెల్లగా పాకసాగింది. నలుగురూ దాన్నే చూశారు.

“పల్లం రాంగనే రేజు తగ్గించి క్లచ్ పడ్తవు కద బేటా. ఆగేది అప్పుడే. మోరీల ఏం లేదు.”

కమలాబాయి కొంగు వేలికి చుట్టుకుంది. “మా పెనిమిటి ఆడనే పడిపోయి పానం ఇడిచిండు భయ్యా. పదేండ్లాయె. చేన్ల నుంచి వచ్చుకుంట.” పల్లం వైపు చూసింది. “ఆయననే ఆపుతున్నడనుకున్న. జరసేపు మమ్ముల చూస్కొని పంపుతున్నడనుకున్న.”

పచ్చగీత చివరికి చేరింది. యాకూబ్ వైరు తీసి చుట్టాడు. చుట్టడం అయిపోయాక కూడా దాన్ని చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

“బెల్లం పెట్టు చెల్లె,” అన్నాడు. “ఇగ బండి ఆగది. నువ్వాగు జరసేపు.”

వాల్యాను వెనక కూర్చోబెట్టుకుని మోరీ దాకా నడిపాడు. రేజు తగ్గించి క్లచ్ పట్టాడు. ఆగలేదు. వెనక్కి తిప్పి మళ్లీ, ఇంకోసారి. మూడుసార్లూ ఆగలేదు. దిగి, నడుస్తున్న ఇంజన్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి చెవి పెట్టాడు.

“ఎట్లున్నది కాకా?”

“మునుపెట్లున్నదో గట్లనే ఉన్నది.” తల అడ్డంగా ఊపాడు. “గదే నా పరేషాన్. రెండేండ్ల కింద ఒకాయన వచ్చి చెప్పిండు. నేను బండి మాట విన్న, మనిషి మాట వినలే.”

స్క్రూడ్రైవర్‌ను పిట్టగోడ మీద పెట్టి, ట్యాబ్లెట్టులో వాల్యా పేరు రాసి సంతకం తీసుకున్నాడు. వాల్యా వెళ్లి భావనను ఎక్కించుకొచ్చాడు. బండి పల్లంలోకి దిగింది. మోరీ మీద ఆగకుండా అటు ఎక్కి పత్తిచేల వెనక మలుపు తిరిగింది. వెనకాలే నడిచొచ్చిన కమలాబాయి బెల్లం ముక్క పట్టుకుని అలాగే నిలబడింది. కాసేపటికి రాయి ముందు కూర్చుంది. యాకూబ్ చప్పుడు చెయ్యకుండా సంచి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాడు.

మూడున్నర బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. సిగ్నల్ రాగానే అజయ్‌కు చెప్పాడు. “రెండు వందల పన్నెండు అయిపోయినయి సార్.” తర్వాత జగపతికి చేశాడు.

“మీ చెయ్యి మంచిదే సార్,” అన్నాడు. “చెప్దామని చేసిన.”

“అన్నం తిన్నవా?” అన్నాడు జగపతి. “జఫర్‌గఢ్ దిక్కు వస్తే ఇంటికి రా.”

“వస్త సార్.”

రొట్టెల మూట విప్పబోయి, ఇంటికెళ్లి తిందాంలే అనుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. పరకాల దాటాక ఆయన తల కిటికీ కమ్మీకి ఆనింది. కుడిచెవి ఇనుముకు తగిలి ఉంది. బస్సు ఇంజన్ చప్పుడు వింటున్నట్టే ఉంది. హనుమకొండలో అందరూ దిగిపోయాక కండక్టరు, “పెద్దమనిషీ, దిగాలె,” అని రెండుసార్లు పిలిచాడు. భుజం పట్టి కుదిపి, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. చెయ్యి తీసి, డ్రైవరును పిలిచాడు.

మర్నాడు పొద్దున కమలాబాయి బెల్లం తీసుకుని మోరీ దగ్గరికి వచ్చింది. రాత్రి ఇంటికొచ్చిన కొడుకు, బండి ఎక్కడా ఆగలేదని చెప్పాడు. కాన్పుకు ఇంకో వారం పడుతుందని దవాఖానలో అన్నారట. పిట్టగోడ మీద స్క్రూడ్రైవర్ మంచుకు తడిసి ఉంది. మరిచిపోయిండు, మళ్ల వస్తడు అనుకుంది. కొంగుతో తుడిచి, ఎండ తగలకుండా రాయి నీడలో, బెల్లం పక్కన పెట్టింది. దాని కొయ్యపిడి చివర, ఇన్నేళ్లూ ఒక చెవి ఆనిన చోట, నున్నగా చిన్న గుంట పడి ఉంది.