పిలిస్తే లేచేది

కథ మానసది, అతుకులు నావి. ఆమె రాసి చదువుతుంది, నేను రికార్డు చేసి ముక్కలు అతుకుతాను. నేను గద్వాలలో జాకెట్లు కుడతాను. దుకాణం వెనక గదిలో గుడ్డల మూటలు కప్పు దాకా పేర్చి ఉంటాయి. అక్కడ మాట్లాడితే గొంతు మోగదు, పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. అందుకే జనం ఫోన్లలో వినే మా కథను ఆ గదిలోనే రికార్డు చేస్తాం. మానస ఇటిక్యాల నుంచి బస్సులో వస్తుంది. డిగ్రీలో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పుడు మొదలైన పిచ్చి ఇది. పెళ్లయి ఒక ఇంటి కోడలైనా ఆమెకు వదల్లేదు. నాకైతే వదిలించుకోవాలని కూడా లేదు.

కథలో దేశం పేరు ఎండేరు. అక్కడి ఏరు ఏనాడో ఇంకిపోయింది, రాళ్లే మిగిలాయి. ఆ రాళ్లలో ఎక్కడో ఒక శక్తి నిద్రపోతోంది. అది లేస్తే ఏరు మళ్లీ పారుతుంది, మోడులు చిగురుస్తాయి. ఈరి అనే పిల్ల ప్రతి రాయికీ చెవి ఆనించి వింటూ దాన్ని వెతుక్కుంటూ పోతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ మానస మొదటి భాగంలోనే ఒక నియమం పెట్టేసింది. ఆ శక్తికి ఒక పేరుంది, పేరు పెట్టి పిలిస్తేనే లేస్తుంది. ఆ పేరేమిటో మాత్రం పెట్టినామెకే తెలియదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కదా, మా సంగతి దానికి తిరగేసి. అన్నీ ఉన్నాయి, పేరే లేదు.

భాగాలు గడుస్తున్నాయి. మేము దాన్ని "అది" అంటూ నెట్టుకొస్తున్నాం. వినేవాళ్లు ఊరుకుంటారా? "అక్కా, దాని పేరేంది?" అని రోజుకొకరు అడుగుతున్నారు. నాకు ఓపిక తక్కువ. కుట్టు తప్పితే విప్పి కుట్టడం కన్నా కొత్త గుడ్డ చింపుకోవడం నయమనుకునే రకం. ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి అడిగాను.

"ఉగ్రజ్యోతి అని పెడదాం, అయిపోతది."

"టపాకాయల డబ్బ మీద పేరులెక్క ఉంది" అంది మానస.

"మహాతేజం?"

"మోకాళ్ల నొప్పుల నూనె."

"రూహ్ అందాం. మా ఉర్దూల ప్రాణమని అర్థం. ఎంత మంచిగుంది!"

ఆమె ఒకసారి నోట్లో అనుకుని చూసింది. "మంచిగనే ఉంది గానీ గజాలా, మా అత్త నోటికి రాదు. మా అత్త చేన్ల పని జేసుకుంట పిలవనీకె రావాలె. గసుంటి పేరు గావాలె నాకు."

వాళ్ల అత్త బాలమ్మ మా కథకు పెద్ద అభిమాని. వాళ్లది విత్తన పత్తి, అంటే విత్తనాల కోసమే పండించేది. సాయంత్రం మొగ్గల్ని గిల్లి సిద్ధం చేయాలి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దాని పుప్పొడిని ఒక్కొక్కదానికీ రాయాలి. చేతులకు పనేగానీ చెవులకు ఉండదు. బాలమ్మ ఫోన్‌ను రొంటిన దోపుకుని, చుట్టుపక్కల సాళ్లలో ఆడవాళ్లందరికీ వినిపించేలా పెడుతుంది. ఈరికి కాలిలో ముల్లు గుచ్చుకుంటే, రాసిన కోడలిని ఇంటికొచ్చి తిట్టిన మనిషి ఆమె. "జర చెప్పులన్న తొడగరాదే పిల్లకు!" అందట.

అప్పుడు మానసకు కడుపు. అంతకుముందు ఒకటి లోపలే పోయింది కాబట్టి ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు. రికార్డింగుకు వచ్చినప్పుడల్లా నేను కుర్చీ మీద రెండు దిండ్లు వేసి కూర్చోబెట్టేదాన్ని. కథలో దానికి పేరు దొరకలేదు సరే, బిడ్డకైనా దొరికిందా అని అడిగాను.

"దొరికింది. ఆడపిల్లయితే పెట్టనీకె."

"చెప్పు మరి."

"ఊహూఁ. తొట్టెలల్ల ఏసిననాడు మేనత్త బిడ్డ చెవుల మూడుసార్లు పిలవాలె. గప్పటిదాంక నోరు దాటొద్దు. ముందుగాల ఒకటి పోయింది గద, మా అత్త ఇంక గట్టిగ చెప్పింది. శివకు గూడ చెప్పలే."

శివ ఆమె మొగుడు. మొగుడికి కూడా చెప్పలేదంటే నేనెంత? "మా అమ్మ బంగారం గూడ గింత భద్రంగ దాయలే" అని ఎక్కిరించాను. ఆమె నవ్వుతూ కడుపు మీద చెయ్యి వేసుకుని, పెదవులు బిగించి చూపించింది.

బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది. ఆడపిల్ల. ఊపిరి సరిగా అందడం లేదని కర్నూలు తీసుకుపోయి అద్దాల పెట్టెలో పెట్టారు. నేను వెళ్లేసరికి మానస నడవలేక గోడ పట్టుకుని నిలబడి ఉంది. పెట్టెలో నా అరచేతి కన్నా కాస్త పెద్దదిగా ఉంది ఆ పిల్ల. మణికట్టుకు కట్టిన పట్టీ మీద 'మానస పాప' అని రాసి ఉంది. నర్సు మంచి మనిషి. "పిలువమ్మా. తల్లి గొంతు పిల్లకు తెలుస్తుంది" అంది.

మానస పిలిచింది. బిడ్డా అంది, అమ్మా అంది, నా తల్లీ అంది, బుజ్జీ అంది. వీధిలో ఏ బిడ్డనైనా పిలిచే పిలుపులే అన్నీ. నేను ఆమె పక్కనే ఉన్నాను. ఒక్కోసారి పెదవులు ఏదో అనబోయి మూసుకునేవి. తొట్టెల రోజు ఇంకా రాలేదు, మేనత్త శైలజ వనపర్తిలో ఉంది, ఇప్పుడు నోరు జారితే బిడ్డకు ఏమవుతుందోనని ఆమె భయం. బతకాలనే నోరు కట్టుకుంది. మూడో రోజు పొద్దున ఆ పిల్ల పోయింది.

శివ తెల్లటి గుడ్డలో చుట్టి తెచ్చి, చేని గట్టున గుంత తీసి పెట్టాడు. కుక్కలు తవ్వకుండా పైన రాళ్లు పేర్చాడు. తొట్టెల లేదు, పేరు లేదు. బిడ్డే లేకపోయినా మానస పచ్చి బాలింతే. ఒంటికి పసుపు, తలకు గుడ్డ, పత్యం అన్నం అన్నీ మామూలే. పాలు మాత్రం ఆగకుండా వచ్చి జాకెట్టు తడిసిపోయేది. కొలతలు మారాయి కాబట్టి కొత్త జాకెట్లు నేనే కుట్టి పంపాను. అవి కుడుతూ ఏడ్చాను, సూది వేలికి గుచ్చుకుంది.

వారం ఆగి వాళ్లింటికి వెళ్లాను. బాలమ్మ కోడలి కాళ్లకు నూనె రాస్తోంది. నేను ఉండబట్టలేక అన్నాను: "పెద్దమ్మా, పాపకొక పేరన్న అనుకుందాం. ఊరికే పాప పాప అంటే ఎట్ల?"

ఆమె చెయ్యి ఆగింది. "వద్దు బిడ్డా. పేరు పెడితే ఎనకకు సూస్తది. ఇల్లు ఇడిసి పోదు, రాబోయేదాన్ని నిలవనియ్యదు. నాకూ ఇద్దరు పోయిండ్రు, శివకు ముందుగాల. పేర్లు పెట్టుకున్ననా? తలుసుకుంట కూసున్ననా?" అని మళ్లీ నూనె అందుకుంది. "మర్సిపోవాలె. గంతే."

నాకు ఒళ్లు మండింది. కానీ ఆమె కోడలి పాదాలను ఎంత మెత్తగా ఒత్తుతోందో చూస్తూ ఏమని పోట్లాడతాను? ఇంటికొచ్చి మా అమ్మీ ముందు కక్కేశాను. మా అమ్మీ హసీనా బేగం మాటలు పొదుపు. "ఒక్కపారి ఏడ్సి పోయిన బచ్చీకి గూడ మనం పేరు పెడతం. లేకుంటే ఖయామత్ నాడు పోయినోళ్లందరిని లేపేటప్పుడు దాన్ని ఏమని పిలుస్తరు?" అంది. మళ్లీ తనే, "గానీ బేటీ, ఎవరి ఇల్లు వాళ్లది. నువ్వు పోయి లడాయి పెట్టుకోకు" అంది.

లడాయి పెట్టుకోలేదు. మానస ఒంటరిగా దొరికినప్పుడు అమ్మీ మాట చెప్పాను. మానస విని గోడ వైపు తిరిగింది.

"నోట్లనే ఉండె గజాలా. మూడు దినాలు నాలిక మీదనే ఉండె. కండ్ల ముందట ఉండె, ఇనేటట్టు ఉండె. నేను పిలవలే. పిలిస్తే లేస్తుండెనేమో."

"పిచ్చిదానా! గది కథల రూలు. దేవుడు రాసింది గాదు."

"నేనే రాసిన గద."

పేరు ఇప్పుడైనా చెప్పమన్నాను. "ఎవ్వరికి జెప్పాలె? ఇనే చెవి పాయె" అంది. ఒక్కరు కూడా అనకుండానే ఆ పేరు తనతోపాటే పోతుంది, అదే ఆమెకు తట్టుకోలేని బాధ. తలుచుకుని ఏడవడానికైనా ఒక పేరు ఉండాలి కదా. నాకూ ఆ పిల్లను తలుచుకుంటే 'మానస పాప' అన్న పట్టీయే గుర్తొచ్చేది.

కథ ఆగిపోయింది. ఇక మొదలుపెట్టబోమని వినేవాళ్లకు చెప్పేద్దామనుకున్నాను. విత్తన పత్తి మళ్లీ పూతకొచ్చిన రోజుల్లో, చెప్పాపెట్టకుండా మానస దుకాణం ముందు బస్సు దిగింది. చిక్కిపోయింది. "నడువు. ఈరి ఆఖరి రాయికాడ నిలబడి ఉంది, ఎన్నొద్దులు నిలబెడతం?" అంది.

వెనక గదిలో కూర్చున్నాం. ఆ భాగంలో ఈరి పిలవాలి. కాగితంలో పేరు దగ్గర ఖాళీ ఉంది. ఏదో ఒకటి పెట్టి కానిచ్చేద్దాం అన్నాను. మానస చదవడం మొదలుపెట్టింది. చదువుతూ చదువుతూ ఆ చోటికి వచ్చింది. కుర్చీలోంచి ముందుకు వంగింది. మైకు పక్కకు మొహం తిప్పి, తొట్టెల మీదికి వంగి చిన్నపిల్ల చెవిలో చెప్పినట్టు పిలిచింది.

"తుంగా."

అది ఎవరి పేరో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రికార్డింగు నడుస్తూనే ఉంది. నేను నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. ఆమె ఇంకోసారి పిలిచింది. మూడోసారి గొంతు పెగల్లేదు.

చున్నీ తీసి అడిగాను, "తుంగభద్రనా?"

"కాదు. చేన్ల లేసే తుంగ గడ్డి. మా అత్త పొద్దంత పీకుతది, తిడుతది. మల్ల తెల్లారి లేస్తది. పిల్లలు నిలవకుంటే పెంటయ్య, పుల్లమ్మ అని పెడతరు గద, ఎవ్వరి కండ్ల పడొద్దని. నేను తుంగ అనుకున్న. ఎవరు పీకినా మొండిగ లేవాలెనని." కళ్లు తుడుచుకుంది. "లేవలే."

కాగితంలో రాసిన ప్రకారం ఈరి పిలవగానే రాయి పగిలి నీళ్లు చిమ్మాలి. నేను అది చూపించాను. మానస తల అడ్డంగా ఊపింది.

"నీళ్లొద్దు. ఒక్కరు పిలిస్తే లేవదని చెప్తా. ఎండేరుల అందరు పిలవాలె. ముసలోళ్లు, పనికి పోయేటోళ్లు, పోరగాండ్లు, అందరు."

"ఇంకెన్ని భాగాలు పిలుస్తరే?"

"పిలవనియ్యి. నీకేం నొప్పి?"

అలాగే చదివింది. దాన్ని ఏ అతుకూ వేయకుండా వదిలాను. గొంతు పెగలని చోట కత్తిరించమని తనే అంది. నాకు చేతులు రాలేదు.

ఆ భాగం బయటికొచ్చాక, తామే ఎండేరు జనమన్నట్టు అందరూ పిలుపులు రికార్డు చేసి పంపడంతో నా ఫోనుకు ఊపిరి ఆడలేదు. వడ్డేపల్లి నుంచి ఒక బడి పిల్లలందరూ కలిసి గట్టిగా "తుంగా!" అని అరిచి పంపారు. బీచుపల్లి వంతెన మీద లారీ ఆపుకున్న డ్రైవరు ఒకాయన, వెనక గాలి హోరులో, సిగ్గుపడుతూ ఒక్కసారి పిలిచాడు. ముక్కూ మొహం తెలియని వాళ్లు ఆ పిల్లను పిలుస్తున్నారు. ఒక్కొక్కటీ మానసకు పంపాను. అన్నీ విన్నట్టు నా ఫోనులో గుర్తులు పడ్డాయి.

కొన్నాళ్లకు బాలమ్మ జాకెట్టు ఇవ్వడానికి ఇటిక్యాల వెళ్లాను. పొద్దున్నే, పువ్వులు రాసే వేళ. అందరూ చేనులోనే ఉన్నారు. గట్టున రాళ్ల కుప్ప చుట్టూ గడ్డి పెరిగింది, మానస ఆ పక్కనే సాలులో పనిచేస్తోంది. బాలమ్మ రొంటిలోంచి మానస గొంతే వినిపిస్తోంది. నన్ను చూడగానే ఆమె నడుం నిలబెట్టి కేకేసింది.

"అగో, కుట్టుపిల్ల వచ్చింది! ఏం కథ రాస్తుండ్రే మీరు, మమ్మల్ని పరేషాన్ జేస్తుండ్రు? లేసిందా మరి తుంగ?"

నేను నిలబడిపోయాను. మానస చేతిలో పువ్వు అలాగే ఉంది. అత్త వైపు తిరగకుండానే అంది, "ఇనరాలే అత్తా. ఏమంటివి?"

"తుంగ! తుంగ లేసిందా అంటున్న!"

"ఫోన్ల మోతకు ఇనొస్తలే. జర మల్లొకసారి."

బాలమ్మ విసుక్కుంటూ రొంటిలోంచి ఫోన్ తీసి ఆపింది. అరచేయి నోటి పక్కన పెట్టుకుని, తప్పిపోయిన పిల్లను ఊరి చివర నుంచి పిలిచినట్టు గొంతెత్తి పిలిచింది. "ఓ తుంగా!"

చేను అవతలి దాకా వినిపించింది. పేరు పెడితే వెనక్కి చూస్తుందని వద్దన్న మనిషి, తన మనవరాలిని పేరుపెట్టి పిలుస్తున్నానని తెలియకుండానే పిలిచింది. చెప్పేద్దామని నోటి దాకా వచ్చింది. మానస నా వైపు చూసి పెదవులు బిగించింది.

"గిప్పుడన్న ఇనొచ్చెనా?" అంది బాలమ్మ.

"ఇనొచ్చింది అత్తా" అంది మానస. చేతిలోని పువ్వును మొగ్గకు మెల్లగా రాసి, కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంకా లేవలే. నువ్వు పిలుస్తనే ఉండు."