సముద్రం గది

పళ్ళున్న చక్రంతో గోడకంటించిన బొమ్మల కాగితాన్ని పైనుంచి కిందికి గీరి, వీపున తగిలించుకున్న పంపుతో వేడినీళ్ళు కొట్టి, పక్కగదిలోకి నడిచాడు బంక బాబాయి. కాగితం నీళ్ళు తాగి, ఉబ్బి, తనంతట తాను గోడని వదిలేదాకా ఆగాలి. తొందరపడి లాగితే వెనకనున్న పూత కూడా పెచ్చులుగా ఊడొస్తుంది. అందుకని పొద్దున్నే అంతస్తులోని గదులన్నీ వరసగా తడుపుకుంటూ పోయి, మళ్ళీ మొదటి గదికొచ్చి ఒలుచుకుంటూ రావడం ఆయన పద్ధతి. ఆ పని చేతులకే వచ్చు. బుర్రతో నిమిత్తం లేదు.

ఆటల పార్కుని ఆనుకుని ఉన్న హోటలది. పిల్లలకి దేనిమీద మోజు పుడితే గదులకి ఆ వేషం వేస్తారు. మొదట్లో కోట. కోట మొహం మొత్తాక అడవి. అడవి తర్వాత సముద్రం. ఇప్పుడు రాకెట్లూ గ్రహాలూనట. ఎన్ని వేషాలు మారినా పాతది పీకేదీ, కొత్తది అంటించేదీ ఈయనే. పొట్టి మనిషి. నిచ్చెనలెక్కి ఎక్కి మోకాళ్ళు బయటికి వంగాయి. అతుకుల మీద నొక్కి నొక్కి కుడి బొటనవేలు చదునైపోయింది. గోళ్ళ సందుల్లో, చెవుల వెనక ఎప్పుడూ ఎండిన బంకే. నోట్లో నాలుక లేని మనిషని, బంగారంలాంటివాడని అందరూ మెచ్చుకుంటారు. అలాంటి బంగారాన్ని కట్టుకున్న ఆడమనిషి సంగతి మెచ్చుకునేవాళ్ళకేం తెలుసు!

ఆవిడ అడిగింది ఒక్కటే, ఆయన చేసిన గది ఒకసారి చూపించమని. కోట నాడు అడిగింది, అడవి నాడు అడిగింది. "లోకంలో వాళ్ళందరూ పడుకునే గదులు నువ్వు చేస్తావు, నన్ను మాత్రం గుమ్మం తొక్కనివ్వవు" అని దెప్పేది. ఇంటివాళ్ళని రానివ్వరే, ఒప్పుకోరే అని ఆయన ప్రతిసారీ అదే జవాబు చెప్పేవాడు. ఇప్పుడు ఆవిడ గుండె వాచిపోయింది. ఇంటికి తీసుకెళ్ళి ఏం తినాలనుంటే అది పెట్టమని డాక్టర్లు చేతులెత్తేశారు. ఏం కావాలే అనడిగితే, "తిండి ఎవడిక్కావాలి, నీ సముద్రం చూపించు" అంది. అడిగిన మర్నాడే సముద్రం పీకేయమని ఆర్డరొచ్చింది. ఈ అంతస్తుతో సముద్రం సరి.

సూపర్‌వైజరు ఫోన్ చూసుకుంటూ వరండాలో వస్తుంటే బంక బాబాయి పంపు ఆపి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏంటి బాబాయ్, నీళ్ళు వేడిగా రావట్లేదా?"

"వస్తున్నాయి సార్. అదికాదు... మా ఇంటిది... ఊడదీసేలోపు ఒకసారి చూస్తానంటోంది. ఒంట్లో బాగా లేదు."

"మీ ఆవిడా? తీసుకురా, దానికేముంది! ఆ చివరి గది అట్టే పెట్టు. సాయంత్రం ఊడదీసుకో."

"రానిస్తారా సార్?"

"భలేవాడివే. గదులు ఖాళీగా ఉన్నప్పుడు మనవాళ్ళందరూ ఇంటిల్లిపాదినీ తెచ్చి చూపించుకున్నారుగా? వంటాయన పిల్లలు, డ్రైవరు అత్తగారు, అందరూ ఫొటోలు దిగి పోయినవాళ్ళే. నువ్వే ఏనాడూ అడగలేదు."

ఆయన మళ్ళీ ఫోన్లో పడి వెళ్ళిపోయాడు. బంక బాబాయికి అప్పుడు గుర్తొచ్చింది. పనిలో చేరిన కొత్తలో వెనక గేటు వాచ్‌మన్ ఎవరినో కసిరాడు, ఇంటివాళ్ళని లోపలికి తేకూడదని. అది ఈయన్ని అన్న మాట కూడా కాదు. ఆ వాచ్‌మన్ ఏనాడో పని మానేసి పోయాడు. ఈ మహానుభావుడు మాత్రం ఆ మాటని శాసనంలా నెత్తిన పెట్టుకుని మోశాడు. అడిగితే పోయేదేముందని ఆవిడ ఎన్నిసార్లు అనలేదూ! పనే పోతుందని ఈయన భయం.

మరదలికి ఫోన్ చేశాడు. జబ్బు ముదిరాక అక్కకి సాయంగా వచ్చి ఉంటోంది ఆ పిల్ల.

"నిజంగానా బావా? ఒప్పుకున్నారా? అక్క అప్పుడే లేచి కూర్చుంది చూడు. మంచి బట్టలు తియ్యమంటోంది!"

మళ్ళీ పంపు అందుకున్నాడు. మనసులో ఒకటే ఆలోచన, ఆవిడకేం చెప్పాలి? ఇవాళే ఒప్పుకున్నారని చెప్తే సరిపోతుంది. మొన్నటిదాకా గట్టి రూలని, కొత్త సూపర్‌వైజరు మంచివాడని అంటే సరి. అలా మాటలు కూర్చుకుంటూ గీరాడు, తడిపాడు, పక్కగదిలోకి నడిచాడు, గీరాడు, తడిపాడు. తిమింగలం కడుపు మీంచి వేడినీళ్ళు కారి పాదం మీద పడ్డప్పుడు ఉలిక్కిపడి చూసుకున్నాడు. అది చివరి గది. నాలుగు గోడలూ తడిసి ముద్దయ్యాయి. అట్టే పెట్టుకున్న గదిని తన చేతులతో తనే తడిపేశాడు.

అయ్యో అయ్యో అనుకుంటూ పంపు విసిరికొట్టి బంక బకెట్టు కోసం పరిగెత్తాడు. తడిసిన కాగితాన్ని మళ్ళీ నిలబెట్టడమంటే మాటలా! కిటికీ పక్కది అప్పటికే జారి నేలమీద చుట్టుకుంది. తలుపు వైపుది చెయ్యి వెయ్యగానే చిరిగింది. మూడు గోడలు వదిలేసి, మంచం పక్కనున్న గోడ పట్టుకున్నాడు. అంచు లేపి బంక పూసి, బ్రష్షుతో పైనుంచి దువ్వి, బుడగలన్నీ పక్కలకి నెట్టి, అతుకుల్ని బొటనవేలితో నొక్కాడు. తిమింగలం, పక్కన దాని పిల్ల, కింద పగడాలు, వెండిచేపల గుంపు. చక్రం గీసిన గీతల్ని కూడా తడిబట్టతో అద్ది మాయం చేశాడు. జన్మలో అంత శ్రద్ధగా ఏ గోడా అంటించలేదు.

మరదలి భుజం పట్టుకుని ఆవిడ వచ్చింది. కాళ్ళు వాచి ఉన్నాయి. నాలుగడుగులకి ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. గది నడుమ నిలబడి బోసిగోడల్ని, వేలాడుతున్న పేలికల్ని చూసింది.

"ఇదేంటయ్యా, మిగతా సముద్రం ఎండిపోయిందా?"

"పొరపాటున తడిపేశానే."

ఆవిడ నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. "సముద్రాన్ని తడిపిన మొనగాడివి నువ్వొక్కడివేనయ్యా" అంది.

దుప్పటి తీసేసిన పరుపు మీద కూర్చుని గోడని తడిమింది. తిమింగలం పిల్ల దగ్గర చెయ్యి చాలాసేపు ఆగింది.

"బాగుందయ్యా. అతుకెక్కడుందో కూడా తెలీట్లేదు. మొత్తానికి ఒప్పుకున్నారన్నమాట?"

"ఆఁ. ఇవాళే. మొన్నటిదాకా గట్టి రూలు..."

అప్పుడే సూపర్‌వైజరు తలుపులోంచి తొంగిచూశాడు. పాపం, మంచిమాట చెబుదామనే వచ్చాడు.

"ఏమ్మా, చూశారా? ఈ బాబాయి ఒక్కమాట అడిగుంటే కోటా అడవీ అన్నీ చూసుండేవారు. మా దగ్గర ఏ అడ్డూ లేదమ్మా, ఎవరైనా రావచ్చు" అనేసి వెళ్ళిపోయాడు.

ఆవిడ మొగుడి వైపు చూసింది. తిట్టినా బాగుండేది. "కాసేపు నడుం వాలుస్తా" అని గోడవైపు తిరిగి పడుకుంది. మాత్రల సంచీ ఆటోలో మర్చిపోయామంటూ మరదలు కిందికి పరిగెత్తింది.

ఇంట్లోనూ ఇంతే. కోపమొస్తే ఆవిడ అటు తిరిగి పడుకుంటుంది, ఈయన ఇటు నిలబడి గొణుగుతాడు. ఇవాళ మాత్రం గొణగలేదు. వీపుకే చెప్పుకున్నాడు.

"తప్పు నాదేనే. అబద్ధమాడాలని కాదు. ఎవరినేం అడగాలన్నా నాకు భయం. అడిగితే కాదంటారని, కాదన్నాక నీకు మొహం ఎలా చూపించాలని... ఎలాగూ కాదంటారు, అడిగినా అడక్కపోయినా ఒకటే కదా అనుకున్నాను. నువ్వు అడిగినప్పుడల్లా లోపల సిగ్గేసేది. ఇంక ఏదైనా అడుగుతానే. రాకెట్లది కూడా చూపిస్తాను. నువ్వే చూస్తావుగా. ఒక్క మాట అను. తిట్టు, పోనీ."

కిటికీ అవతల పార్కులో ఎత్తుపల్లాల ఆటరైలు పల్లంలోకి దూకినట్టుంది, జనం కేరింతలు కొట్టారు. పైన కాగితం అంచు మెల్లగా గోడని వదిలింది. తడిబంకతో బరువెక్కిన ముక్క జారి ఆవిడ చెంపమీద పడింది. ఆవిడ దాన్ని తోసెయ్యలేదు. కదలనైనా కదల్లేదు.

అప్పుడు తెలిసింది ఆయనకి. తన మాటల్లో ఆవిడ ఎందాకా విన్నదో, అసలు విన్నదో లేదో ఇంక తెలిసే దారి లేదు. చెంప మీది కాగితం తీసి, బంకని తన చొక్కా కొసతో తుడిచాడు. మరదలు వచ్చి, చూసి, మాత్రల సంచీ వదిలేసి బావురుమంది.

సూపర్‌వైజరు కంగారుగా వచ్చి తలపట్టుకున్నాడు. ముందువైపు పిల్లలతో గెస్టులు ఉంటారని, వెనక లిఫ్టులో దించమని మెల్లిగా చెప్పాడు. దుప్పట్లు మోసే చక్రాల బండి తెచ్చారు. ఇప్పుడు కూడా బంక బాబాయి ఏమీ అడగలేదు, కాదనలేదు. సరే సార్ అన్నాడు.

మనుషులు బండిని వరండా చివరికి నెట్టుకుంటూ పోయారు. మరదలు ఏడుస్తూ వెనకే నడిచింది. గది తలుపు వెయ్యడానికి ఆయన ఒక్కడే వెనక్కొచ్చాడు. కార్పెట్ పీకేసి, సిమెంటు దుమ్ముతో, బంక మరకలతో ఉన్న ఆ గది గుమ్మం బయట, ఎవరికీ అడ్డం రాకుండా గోడవారగా విడిచిపెట్టిన ఆవిడ చెప్పులున్నాయి. ఎడమదానికి తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి ఉంది.