ఆవాల దిండూ నేనూ

నేను ఒక కొలత పనిముట్టును. ఉక్కుతో చేసిన రెండు వంకర చేతులు, వాటిని కలిపే మేకు, అడ్డంగా గీతలు చెక్కిన ఇత్తడి పట్టీ. ఇంతే నా ఒళ్లు. చూసినవాళ్లు పొయ్యి మీది గిన్నె దించే పట్టకారు అనుకుంటారు. తలకి అటూ ఇటూ నా చేతులు ఆనిస్తే దాని వెడల్పు పట్టీ మీద కనిపిస్తుంది. అంతకుమించి నాకేమీ తెలియదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. నేను చెప్పానంటూ మనుషులు చాలా చెప్పారు.

నేను సముద్రం దాటి వచ్చాను. మొదట మద్రాసులో ఒక టోపీల దుకాణంలో ఉండేదాన్ని. దొరలూ, దొరల్లా కనిపించాలనుకునే మనవాళ్లూ వచ్చి కుర్చీలో కూర్చునేవారు. దుకాణందారు నన్ను వాళ్ల తలకి ఆనించి, ఇంకాస్త వదులుగా కుట్టమంటారా అని అడిగేవాడు. పెద్ద తలైనా, చిన్న తలైనా, సొట్ట తలైనా దానికి తగ్గ టోపీ వచ్చేది. ఆ దుకాణం మూతపడ్డాక మూర్ మార్కెట్లో పాత కత్తెరల మధ్య పడి ఉంటే, వైద్యం చదువుకుంటున్న భుజంగరావు నన్ను కొన్నాడు.

చదువు ముగిశాక ఆయనకి పొగాకు పండే నేలలో ఒక సెటిల్‌మెంటులో ఉద్యోగం దొరికింది. సెటిల్‌మెంటంటే చుట్టూ ముళ్లకంచె, లోపల వరసగా పాకలు. పుట్టుకతోనే దొంగలని చట్టం రాసిపెట్టిన కులాలవాళ్లని అందులో ఉంచేవారు. అక్కడున్నది బుట్టలల్లుకుని, ఉప్పు అమ్ముకుని ఊళ్లు తిరిగే ఎరుకలవాళ్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి హాజరు పలకాలి. మధ్యలో ఆడా మగా పొగాకు కంపెనీలో పనికి పోవాలి. పసిపిల్లల్ని వెంట తీసుకెళ్లనిచ్చేవారు కాదు. ఒక పెద్ద పాకలో, గచ్చు మీద గోనెపట్టాలు పరిచి, వెల్లకిలా పడుకోబెట్టి పోవాల్సిందే. చూసేది ఒక్క ముసలామె.

డాక్టరుగారు చెడ్డవాడేమీ కాదు. జ్వరాలకి మందిచ్చేవాడు, పుళ్లు కడిగేవాడు. కానీ ఆయన చదివిన పుస్తకాల్లో నేరం రక్తంలో ఉంటుందనీ, అది ఎముకలో బయటపడుతుందనీ రాసి ఉంది. ఆ సాక్ష్యం కోసం నన్ను పట్టుకుని తిరిగాడు. ఇక్కడి పిల్లల తలల్లో వెనక భాగం పలకలా ఉండటం ఆయన కంటబడింది. కొలిచాడు. ఏ పిల్లవాణ్ని చూసినా అంతే.

"చూశావా సుభద్రా! తాత నుంచి మనవడికి వస్తోంది ఈ గుర్తు" అని భార్యతో ఎంతో సంబరంగా అన్నాడు.

తాతల తలలు కొలవలేదు. కొలిచి ఉంటే గుండ్రంగా ఉండేవి.

తల అలా ఉన్న పిల్లల్ని పాలు మరిచే వయసు రాగానే తల్లుల నుంచి విడదీసి, దూరాన ఉన్న వసతి బడికి పంపాలని ఆయన పైవాళ్లకి సిఫారసు చేశాడు. పైవాళ్లు సరేనన్నారు. తలలు బాగున్న పిల్లలు తల్లుల దగ్గరే ఉండవచ్చు.

నాంచారి అనే ఎరుకలామె డాక్టరుగారింట్లో వాకిలి ఊడవడానికి వచ్చేది. పెద్దకొడుకుని అప్పటికే తీసుకుపోయారు. చిన్నవాడు అంకులు ఇంకా పాలు తాగుతున్నాడు.

ఒకరోజు సుభద్రమ్మ పెట్టెలో బట్టలు పెరట్లో ఎండేసింది. నన్ను కూడా కడిగి అక్కడే గుడ్డ మీద ఆరబెట్టింది. నాంచారి చీపురు పక్కన పెట్టి ఒక చిన్న దిండు చేతిలోకి తీసుకుంది. దాని మీద పచ్చదారంతో చిలక కుట్టి ఉంది.

"ఇదేందమ్మగారూ, ఇంత బరువుంది?"

"ఆవాల దిండే. మా పెద్దమ్మాయి రాజ్యానికి పసితనంలో బుర్ర వెనక రొట్టెలా అణిగిపోతే మా అత్తగారు కుట్టారు. ఆవాలు కింద జరుగుతూ ఉంటాయి కదా, ఒకచోటే నొక్కుకోదు."

అది నిజం. రాజ్యం తల నేనూ కొలిచాను. అప్పుడు డాక్టరుగారు నవ్వి, "ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెడితే ఇంతే, పక్కకి తిప్పుతూ ఉండండి" అన్నాడు. రక్తం ఊసెత్తలేదు.

నాంచారి దిండుని వదల్లేదు. "మా అంకులు బుర్రా ఇట్టనే అయిందమ్మా. మేం ఊళ్లు దిరిగేప్పుడు పిల్లోణ్ని ఈపున గట్టుకునేవోళ్లం. ఇప్పుడు గచ్చు మీద పారేసి పోతన్నాం గదా. పెద్దోడు అట్టనే పోయాడు. ఈణ్ని గూడా తీసుకపోతే నేనేం జెయ్యాలమ్మా?"

సుభద్రమ్మ వంటింటి వైపు చూసింది. అత్తగారు కనబడలేదు.

"కొంగులో చుట్టుకుని పో. మా అత్తగారి కంటబడనీకు. బుర్ర సరయ్యాక తెచ్చెయ్యి."

"తెచ్చిస్తాలే అమ్మా, నీకాడ మాత్రం దొంగదాన్ని కానులే" అని నాంచారి నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆపైన ఆమె ఆ దిండుని పాకలోని ముసలామెకిచ్చి, వేళకి తల తిప్పమని బతిమాలింది. సుభద్రమ్మ గిన్నెలో పోసిచ్చిన ఆముదం రాసి సాయంత్రాలు తనే తల ఒత్తేది. కొలతల రోజు వచ్చేసరికి అంకులు తల నున్నగా, నిండుగా వచ్చింది. డాక్టరుగారు ఇంటి అరుగు మీద, తల్లి ఒళ్లోనే వాడికి నన్ను ఆనించి చూశాడు. తీసి, మేకు సరిచూసుకుని, మళ్లీ ఆనించాడు.

"వింతగా ఉందే. వీడి ఎముక మారిందేమిటి?"

అప్పుడే జవాను రోశయ్య దిండు పట్టుకుని అరుగెక్కాడు. "ఇందుకేనండీ మారింది. పాకలో దొరికింది. చిలక కుట్టుంది చూడండి, ఇది మనింటి సొమ్మే కదండీ!"

డాక్టరుగారు గుర్తుపట్టాడు. "ఎక్కడిదే ఇది?"

"అమ్మగారిచ్చారయ్యా" అంది నాంచారి. గుమ్మంలో నిలబడిన సుభద్రమ్మ వైపు ధైర్యంగా చూసింది.

సుభద్రమ్మకి అప్పుడు ఏడో నెల. ఆమె వెనకనే అత్తగారు ఉంది. "రాబోయే పిల్లకని దాచిన దిండు ఆ కొంపలోకి ఎలా పోయిందే?" అంది ఆవిడ, గొంతు తగ్గించి.

"ఇచ్చావా?" అన్నాడు డాక్టరుగారు.

సుభద్రమ్మ నోరు తెరిచింది. పైటచెంగు వేలికి చుట్టుకుంది.

"ఏమోనండీ... పెట్టెలోనే ఉందనుకుంటున్నాను."

నాంచారి బిడ్డని గట్టిగా పట్టుకుంది.

"చూశారా అమ్మా! తల గుండ్రంగా వచ్చినా బుద్ధి ఎక్కడికి పోతుంది? నా సిద్ధాంతం అదే" అన్నాడు డాక్టరుగారు తల్లితో. ఆయన గొంతులో కోపం కూడా లేదు. లెక్క కుదిరిన మనిషి తృప్తి ఉంది.

పాలు మరవకముందే, ఆ రోజే అంకులుని ఎడ్లబండిలో వసతి బడికి తీసుకుపోయారు. మర్నాడు కూడా నాంచారి వాకిలి ఊడవడానికి వచ్చింది. రాకపోతే హాజరు దగ్గర దెబ్బలు. సుభద్రమ్మ బావి దగ్గర ఆమెకి ఎదురుపడి, తల దించుకుని నిలబడింది. నాంచారి తిడుతుందనుకున్నాను. ఆమె చీపురుతో ఆకులన్నీ ఒకచోటికి చేర్చి మెల్లగా అడిగింది.

"బుర్ర మాత్రం చక్కగా వచ్చింది గదమ్మా?"

సుభద్రమ్మ లోపలికి వెళ్లిపోయింది.

ఆ తరవాత డాక్టరుగారు నన్ను ముట్టుకోలేదు. "తలలైతే మార్చేస్తారు, చెవులు మార్చలేరుగా" అని చెవులు కొలవడానికి మరో పనిముట్టు తెప్పించుకున్నాడు. కొంతకాలానికి ఆ చట్టమూ పోయింది, కంచె కూడా పోయింది. అంకులు తిరిగి వచ్చాడో లేదో ఎవరూ చెప్పుకోగా నేను వినలేదు.

ఆ దిండుని కాల్చేయమని అత్తగారు చెప్పింది. సుభద్రమ్మ కాల్చలేదు. చీరల అడుగున పెట్టి, ఎందుకో నన్ను కూడా తెచ్చి దాని మీద పడుకోబెట్టింది. తరవాత పుట్టిన పిల్లలెవరికీ ఆవిడ ఆవాల దిండు వేయలేదు. రాత్రీ పగలూ పక్కకి తిప్పుతూ కూర్చునేది. ఆవిడా పోయి చాలా కాలమైంది. పెట్టె అటక మీద ఉంది. నాకు తుప్పు పట్టింది. ఆవాల్లోంచి పుచ్చువాసన వస్తోంది.

నా చేతుల మధ్య దిండు గుడ్డ మీద గుండ్రటి ఆముదం మరక ఉంది. అక్కడ ఇద్దరు పిల్లలు తల పెట్టి పడుకున్నారు. రాజ్యం, అంకులు. ఇన్నేళ్లుగా దాని మీదే పడి ఉన్నాను. ఆ మరకలో ఏ భాగం ఎవరిదో నాకు తెలియడం లేదు.